సోయా చేనుకు నిదానంగా దిగే ఎరువు: అల్లుడికి మామ ఉత్తరం

చిరంజీవి అల్లుడికి మామ ఆశీస్సులు.

కోడుమూరు దగ్గర గుత్తకు పట్టిన రేగడి చేనులో ఈ వానకారుకు సోయాచిక్కుడు పెడుతున్నావని మీ అమ్మ చెప్పింది. నువ్వు పంపిన ఎరువుల చీటీ కూడా చూసినాను. ఎకరాకు ఒక మూట డీఏపీ (నత్రజని, భాస్వరం రెండూ ఉండే ఎరువు), దాని మీద రెండు మూటలు ‘నిదానంగా కరిగే’ పూత యూరియా (గుళిక మీద పొర పూసినది) అని అంగడాయన రాసిచ్చినాడు. వరికో, మొక్కజొన్నకో అయితే ఆ పూత యూరియా గురించి కూర్చుని మాట్లాడుకోవచ్చు. సోయాకు మాత్రం ఆ రెండు మూటలూ కొనొద్దు.

ఎందుకో చెప్తా విను. సోయా గింజలో నూటికి 40 పాళ్ల దాకా మాంసకృత్తులే. అందుకే టన్ను గింజ పండాలంటే పైరు సుమారు 80 కిలోల నత్రజని లాగుతుంది. అంత నత్రజని మూటల్లో కొని పొయ్యాలంటే మనవల్ల అయ్యే పని కాదు. అవసరమూ లేదు. అందులో సగానికి అటూ ఇటూ వేరుబుడిపెల్లోని రైజోబియం అనే సూక్ష్మజీవే గాలిలోంచి పట్టి ఇస్తుంది. అదీ ఒక్కసారిగా కాదు, పూత, పిందె, గింజ గట్టిపడే దశల దాకా కొంచెం కొంచెంగా ఇస్తుంది. నువ్వు దుడ్డు పెట్టి కొనబోయే ఆ ‘నిదానం’ మొక్కకు పుట్టుకతోనే ఉంది. పైగా వేరు చుట్టూ నైట్రేటు ఎక్కువగా దొరికితే మొక్క బుడిపెలు కట్టడం తగ్గించేస్తుంది, కట్టినవి కూడా పని మానుకుంటాయి. ఇంట్లో వండి పెట్టేవాళ్లుంటే పొయ్యి వెలిగించని కొడుకు లాంటిదే ఇది కూడా.

పూత యూరియా సోయాకు అసలు పనికిరాదని కాదు. జపాన్‌లో నీగట విశ్వవిద్యాలయం వాళ్లు దాన్ని విత్తనం వరుస కింద 20 సెంటీమీటర్ల లోతున పెట్టి చూసినారు. బుడిపెలు పైవేర్లకు ఉంటాయి, ఎరువు కింద ఉంటుంది కాబట్టి ఒకదానికొకటి అడ్డం రాలేదు. లోతుకు దిగిన వేర్లు తర్వాత దాన్ని అందుకున్నాయి. బాగుంది, కానీ మన గొర్రు అంత లోతుకు దిగదు. పైన చల్లితే ఆ లాభం రాదు. ఇంకొకటి, ప్లాస్టిక్ పూత ఉన్న రకమైతే లోపలి యూరియా అయిపోయినాక ఖాళీ పెంకులు చేనులోనే మిగిలిపోతాయి.

అంగడిలో ఇప్పుడు దొరికే మామూలు యూరియా కూడా వేపపూతదే. 2015 నుంచి దేశంలో యూరియా అంతా వేపపూతతోనే రావాలని నియమం పెట్టినారు. వేపనూనె యూరియాను మూసిపెట్టదు గానీ, నేలలో అమ్మోనియాను నైట్రేటుగా మార్చే సూక్ష్మజీవుల పనిని కొంత మందగింపజేస్తుంది. మన అవసరానికి ఆ మాత్రం చాలు.

నీ దుడ్డు మొదట పోవాల్సింది విత్తనశుద్ధికి, అంటే గింజకు రైజోబియం పొడి పట్టించడానికి. ఆ చేనులో ఏళ్లుగా శనగే పండిందన్నావు కదా. శనగ బుడిపెల్లో ఉండే రైజోబియం వేరు, సోయాకు కావాల్సింది వేరు. వేరుశనగదీ దీనికి సరిపడదు. కాబట్టి ఆ నేలలో సోయాకు పనికొచ్చేది దాదాపు లేనట్టే అనుకో. రైజోబియం ప్యాకెట్ మీద ‘సోయాచిక్కుడు’ అని స్పష్టంగా ఉందా, గడువు తేదీ ఎప్పటిదో చూసి తీసుకో. ఎండ తగిలే అరలో పెట్టిన ప్యాకెట్‌లో బతికున్న కణాలు తక్కువ. నంద్యాల ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానంలోనో, మీ ఊరి రైతు సేవా కేంద్రంలోనో ముందే అడిగిపెట్టుకో, తొలకరి పడినాక అందరూ ఒక్కసారే ఎగబడతారు.

ఎకరాకు 25 నుంచి 30 కిలోల విత్తనం పడుతుంది. శిలీంధ్రనాశిని పట్టించాలంటే అది ముందు పట్టించి ఆరనివ్వు. రైజోబియం ఎప్పుడూ చివరనే. బెల్లం నీళ్లు కాచి, బాగా చల్లార్చి, దాంట్లో పొడి కలిపి గింజలకు మెల్లగా పట్టించు. సోయా గింజ తొక్క పల్చన, గట్టిగా రుద్దితే ఊడిపోతుంది. నీడలో ఆరబెట్టి, ఆరిన వెంటనే విత్తెయ్యి. ఆ గింజలను యూరియాతోనో డీఏపీతోనో కలిపి గొర్రులో పొయ్యొద్దు. అక్కడ సూక్ష్మజీవులూ చస్తాయి, మొలకా మాడుతుంది. ఎరువు గింజకు పక్కగా, రెండు అంగుళాలు కిందికి పడాలి.

ఇక మూటల లెక్కకు వద్దాం. ఎకరాకు 12 కిలోల నత్రజని, 24 కిలోల భాస్వరం, 16 కిలోల పొటాష్ అని సిఫారసు. ఆ 12 కిలోలు కూడా బుడిపెలు పని మొదలుపెట్టే దాకా మొక్కను నిలబెట్టడానికే. 50 కిలోల డీఏపీ మూటలో 9 కిలోల నత్రజని, 23 కిలోల భాస్వరం ఉంటాయి. అంటే ఆ ఒక్క మూటతోనే నత్రజని ముప్పాతిక భాగం వచ్చేసింది. నాకైతే డీఏపీ కంటే సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ మేలనిపిస్తుంది. మూడు మూటలు వేస్తే 24 కిలోల భాస్వరం, దాంతోపాటు 16 కిలోలకు పైగా గంధకం వస్తుంది. నూనె గింజకు గంధకం కావాలి, డీఏపీలో అది లేదు. మూటలు మోసే చాకిరీ ఎక్కువే, ఒప్పుకుంటా. సూపర్‌తో పాటు వేపపూత యూరియా 26 కిలోలు వేస్తే నత్రజని లెక్క కూడా సరిపోతుంది. పొటాష్ మాత్రం మట్టి పరీక్ష చూసి వెయ్యి. రేగడి నేలల్లో అది చాలాసార్లు బాగానే ఉంటుంది.

యూరియా గోల్డ్ అని గంధకం పూతది 2023లో వచ్చింది. అందులో నత్రజని 37 శాతం, గంధకం 17 శాతం. నువ్వు డీఏపీకే మొగ్గితే దాని పక్కన ఇది కొంచెం వెయ్యడంలో అర్థం ఉంది, గంధకం లోటు కొంత తీరుతుంది. సూపర్ వేసేవాడికి దాని కోసం ఊరూరా తిరిగే పని లేదు. ఏ యూరియా అయినా రేగడి మీద చల్లి వదిలెయ్యొద్దు. క్షారం ఉన్న నేల, పైన ఎండ, అమ్మోనియా గాలిలోకి పోతుంది. మట్టిలో కలిసిపోవాలి.

సేంద్రియం పేరుతో రాక్ ఫాస్ఫేట్ అంటగట్టేవాళ్లు కూడా వస్తారు. నిదానంగా భాస్వరం ఇస్తుందని చెప్తారు. ఆమ్ల నేలల్లో ఇస్తుంది. మన సున్నపు రేగడిలో అది రాయిగానే ఉండిపోతుంది.

పైరుకు ముప్పై, ముప్పై ఐదు రోజులు వచ్చినాక చేనులో నాలుగు చోట్ల మొక్కలను పారతో మట్టిగడ్డతో సహా తియ్యి. చేత్తో పీకితే బుడిపెలు నేలలోనే తెగిపోతాయి. నీళ్లలో కడిగి, బుడిపెను గోటితో చీల్చి చూడు. లోపల గులాబీ రంగో ఎరుపో ఉంటే పని జరుగుతున్నట్టే, ఇక యూరియా మాట ఎత్తొద్దు. తెల్లగా ఉంటే ఇంకా పని మొదలుకాలేదు. అసలు బుడిపెలే లేక ఆకు కూడా పాలిపోయి ఉంటే, అప్పుడు మాత్రం పదును చూసి 20 కిలోల దాకా యూరియా వెయ్యి. ముదురాకు పచ్చగా ఉండి లేతాకు ఈనెల మధ్య పసుపు తిరిగిందంటే అది నత్రజని లోటు కాదు, ఇనుము లోటు. రేగడిలో నీళ్లు నిలిచిన చోట ఎక్కువ కనిపిస్తుంది. దానికి అన్నభేది (ఇనుము ఉండే లవణం) పిచికారీ చెయ్యాలి, యూరియాతో తీరదు.

నిజంగా నిదానంగా దిగే ఎరువంటే నాకు తెలిసింది దిబ్బ ఎరువే. ఎకరాకు నాలుగు టన్నులు తోలితే అందులో సుమారు 20 కిలోల నత్రజని ఉంటుంది. మొదటి పైరుకు అందేది మూడోవంతుకు అటూ ఇటూ, మిగతాది తర్వాతి పైర్లకు. రేగడి నెర్రెలివ్వడం కూడా కొంత తగ్గి, బెట్ట పట్టినప్పుడు పదును నిలుస్తుంది. దిబ్బ దొరక్కపోతే వేసవిలోనే గొర్రెల మందను చేనులో ఆపించు, మంద కాసేవాళ్లకు ఇచ్చేది బండి బాడుగ కంటే తక్కువే పడొచ్చు.

కానీ చేను నీది కాదు, గుత్తది. ఈ ఏడు నువ్వు తోలిన ఎరువు వచ్చే ఏడు పనిచేస్తుంటే, ఆ పంట ఇంకొకడు కోసుకుంటే ఏం లాభం? మీ ఆసామి ఒక్క ఏటికే ఇస్తానంటే సూపర్, రైజోబియంతో సరిపెట్టుకో, దిబ్బ జోలికి పోవద్దు. మూడేళ్లకు ఒప్పుకుంటే కాయితం రాయించుకుని, సంతకం అయినాకే ట్రాక్టరు మాట్లాడు. ఆయన దగ్గరికి నేనూ వస్తా, రోజు చెప్పు.

మీ మామ