హార్టు నొక్కినవాళ్లంతా కొనేవాళ్లు కాదు

ప్రశ్న: మా అమ్మాయి డిగ్రీ ఆఖరి సంవత్సరం. పాలిమర్ క్లేతో (వేడి చేస్తే గట్టిపడే ప్లాస్టిక్ మట్టి) చెవిదుద్దులు చేసి, చేతిపని వస్తువులు అమ్మే ఎట్సీ అనే సైటులో అమ్ముతోంది. షాపు తెరిచి ఏడాదిన్నర అయింది. ‘నచ్చింది’ అని జనం నొక్కే హార్టులు రెండు వేలు దాటాయి, అమ్ముడైనవి 61 జతలు, రివ్యూలు 14. రాత్రి ఒంటిగంట దాకా ఎవరెవరి షాపులో చూస్తూ కూర్చుంటుంది. ఏమిటే అంటే ‘కస్టమర్లను స్టడీ చేస్తున్నా’ అంటుంది. మార్కెటింగ్‌లో ఎంబీఏ చెయ్యమంటే ‘నేను చేస్తున్నది అదేగా’ అంటుంది. దాని మనసు చిన్నబోకూడదని మా ఆడపడుచు చేత, ఇద్దరు చెల్లెళ్ల చేత హార్టులు నొక్కించాను. తలా రెండు జతలు కొనిపించి ఐదు స్టార్ల రివ్యూలు కూడా రాయించాను. ఈ సంగతి దానికి తెలీదు. ఎంబీఏనా, షాపేనా? రెండూ పోల్చి చెప్పండి. - ఒక తల్లి

జవాబు: పోలుస్తానమ్మా. కాకపోతే అంతకంటే ముందు, మీరు మాటల మధ్య చెప్పి దాటేసిన ఆ రివ్యూల దగ్గర కాసేపు ఆగాలి.

ముగ్గురు మనుషులు, తలా రెండు జతలు. అంటే 14 రివ్యూల్లో ఆరు మీవే. దాదాపు సగం! సొంతవాళ్ల చేత రివ్యూలు రాయించి షాపును పైకి లేపడం ఎట్సీ నిబంధనలకు విరుద్ధం, పట్టుబడితే షాపు మీదే చర్య తీసుకుంటారు. అది అలా ఉంచండి. మీ అమ్మాయి రాత్రి ఒంటిగంట దాకా చూస్తున్నవాటిలో ఆ రివ్యూలూ ఉంటాయి కదా? ఏ డిజైన్ జనానికి నచ్చుతోందో వాటిని బట్టే తేల్చుకుంటోంది. మీ ఆడపడుచుగారు ఏ రంగు జత కొన్నారో, ఆ రంగులోనే పిల్ల మరో పాతిక జతలు చేసి పెట్టుకుందేమో ఎవరికి తెలుసు? పరీక్ష రాసే పిల్లకు జవాబులు చెప్పడం ఒక తప్పు. మీరు తప్పు జవాబులు చెప్పారు, అదీ ఆ పిల్లకు తెలియకుండా. ప్రేమతోనే చేశారని నాకు తెలుసు. అయినా అనకుండా ఉండలేకపోయాను.

ఇలాంటి ఉత్తరాలు నాకు తరచూ వస్తుంటాయి. ఒకరింట్లో కొవ్వొత్తులు, ఒకరింట్లో అల్లికలు, ఇంకొకరింట్లో రెజిన్ ట్రేలు. ప్రశ్న మాత్రం ఒకటే: ‘ఇది ఉద్యోగం కిందికి వస్తుందా, కాలక్షేపమా?’ దాని అడుగున ఇంకో ప్రశ్న ఉంటుంది, దాన్ని ఎవరూ కాగితం మీద పెట్టరు. ‘మా పిల్ల తనను తాను మోసం చేసుకుంటోందా?’ మీ భయం అదే. అందుకే హార్టులు నొక్కించారు. పిల్ల మీద నిజంగా నమ్మకం ఉంటే ఆ పని చేసేవారు కాదు.

మీ అమ్మాయి ‘స్టడీ’ విషయానికి వద్దాం. తను అంటున్నది ఉత్తమాటేమీ కాదు. సగం నిజం. ఏ సగమో తేల్చుకోవాలి.

ఇలాంటి చేతిపనుల సైట్లలో హార్టు నొక్కేవాళ్లలో చాలామంది అదే పని చేసేవాళ్లు. దుద్దులు చేసేవాళ్లు దుద్దుల షాపులే చూస్తారు. రంగుల కోసం, ఫొటో ఎలా తీశారో తెలుసుకోవడం కోసం గుర్తుగా ఒక హార్టు వేసి పెట్టుకుంటారు. అమ్మేవాళ్ల గుంపుల్లో ‘నువ్వు నాకు వెయ్యి, నేను నీకు వేస్తా’ అనే ఇచ్చిపుచ్చుకోవడాలు ఎప్పటినుంచో ఉన్నవే. కాబట్టి రెండు వేలు అన్న అంకె ఒక్కటే చూస్తే ఏమీ తెలియదు. ఎవరు వేశారో చూడాలి. ఎట్సీలో హార్టు వేసినవాళ్లు తమ ఇష్టాల జాబితాను దాచుకోకపోతే, వాళ్ల ప్రొఫైల్‌లోకి వెళ్లి ఇంకా ఏమేం ఇష్టపడ్డారో చూడొచ్చు. అందులో క్లే కట్టర్లూ అచ్చులూ నిండి ఉంటే ఆవిడ మీ అమ్మాయి తోటి పనివాళ్లలో ఒకరు, మంచి మనిషే, కొనదు. పెళ్లికూతురి తలపిన్నులు, తోడిపెళ్లికూతుళ్లకు ఇచ్చే కానుకలు కనిపిస్తే ఆ ఇంట్లో పెళ్లి ఉంది. కొందరు తమ ఇష్టాలను విడివిడి జాబితాలుగా పెట్టి పేర్లు కూడా పెట్టుకుంటారు. ‘అమ్మ పుట్టినరోజు’ అన్న జాబితాలో మీ అమ్మాయి దుద్దులు ఉన్నాయంటే, కొనేది కూతురు, పెట్టుకునేది తల్లి. అప్పుడు ఫొటోలో చూపించాల్సింది ఎవరి చెవి?

ఈ ఒక్క సంగతి చాలామంది కుర్ర అమ్మకందార్లకు తట్టదు. చేతిపని వస్తువుల్లో కానుకగా వెళ్లేవి తక్కువేం కాదు. కొనేవాళ్ల దిగులు ఒకటి, వాడేవాళ్ల అవసరం ఇంకొకటి. కొనేవాళ్లకు కావాల్సింది సమయానికి చేరుతుందా, డబ్బా బాగుంటుందా, చీటీ రాసి పెడతారా అన్నది. వాడేవాళ్లకు కావాల్సింది చెవి లాగకుండా ఉండడం.

హార్టుల తర్వాత రివ్యూలు. వీటిలో స్టార్లు నేను చూడను, మీ అమ్మాయినీ చూడొద్దనండి. మాటలు చూడాలి. ‘అనుకున్నదానికంటే తేలిగ్గా ఉన్నాయి’ అని ఎవరైనా రాశారంటే, వాళ్లు బరువుంటుందేమోనని భయపడుతూనే కొన్నారన్నమాట. అదే భయంతో కొనకుండా వెళ్లిపోయినవాళ్లు ఇంకెందరో! వాళ్లు రివ్యూ రాయరు కదా. ‘ఫొటోలో పెద్దవిగా కనిపించాయి’ అని నాలుగు స్టార్లతో రాసిన మాట ‘సూపర్’ అన్న పది ఐదు స్టార్ల కంటే విలువైనది. కొన్నవాళ్లు రివ్యూతోపాటు ఫొటో పెడితే అది మరీ మంచిది. ఏ బట్టల మీదికి పెట్టుకున్నారో, ఆఫీసుకా పండగకా, అన్నీ అందులోనే ఉంటాయి. మీ చెల్లెళ్లు ‘చాలా బాగున్నాయి, మళ్లీ కొంటాం’ అని రాసుంటారు. దానిలోంచి ఏం నేర్చుకోవాలి చెప్పండి?

నన్నడిగితే అన్నిటికంటే గొప్ప చోటు మెసేజీలు. కొనేముందు మనుషులు అడిగే ప్రశ్నలు. ‘చెవులు కుట్టించుకోలేదు, క్లిప్పు రకం చేస్తారా?’ ‘కొక్కెంలో నికెల్ ఉందా? నాకు పడదు.’ ‘నీళ్లు తగిలితే రంగు పోతుందా?’ ఒక మనిషి బద్ధకం వదిలి, టైపు చేసి, జవాబు కోసం ఎదురుచూడటానికి సిద్ధపడిందంటే డబ్బు చేతిలో పట్టుకుని గుమ్మంలో నిలబడ్డట్టే. ఒకే ప్రశ్న మూడోసారి వచ్చిందంటే వస్తువు వివరణలో ఆ మాట లేదన్నమాట. లేదా వస్తువే మార్చాలి. ఇక షాపు గణాంకాల్లో, జనం ఏ మాటలు వెతికి తన దాకా వచ్చారో కనిపిస్తుంది. మీ అమ్మాయి ‘టెర్రాజో స్టడ్స్’ (రంగురాతి ముక్కల గచ్చులా కనిపించే దుద్దులు) అని పేరు పెట్టి మురిసిపోతుంటుంది. జనమేమో ‘టీచర్‌కి కానుక’ అని వెతుకుతుంటారు. ఒక్కో వస్తువుకు ఎట్సీ ఇచ్చేవి 13 ట్యాగులు, అంటే వెతికేవాళ్లకు వస్తువు దొరకడానికి తగిలించే మాటలు. ఆ పదమూడూ తన మాటల్లో ఉన్నాయా, కొనేవాళ్ల మాటల్లో ఉన్నాయా అని ఒక్కసారి అడిగి చూడండి. గొడవ పడకుండా అడగండి.

ఒక్క హెచ్చరిక. హార్టు వేసినవాళ్లకు తనంతట తాను మెసేజీ పెట్టి ‘కొనండి’ అనడం అక్కడ నిషేధం. కొన్నవాళ్ల చిరునామాలను అడగకుండా ప్రచారానికి వాడుకోవడమూ తప్పే. కిటికీలోంచి వీధి చూడొచ్చు. వెళ్లేవాళ్ల కొంగు పట్టుకుని లాగకూడదు.

అల్లికల వాళ్ల సైటు రావెల్రీ గురించి మీ అమ్మాయికి తెలుసో లేదో. 2007లో మొదలైంది. అక్కడ అల్లేవాళ్లు ఒక్కో స్వెట్టర్‌కీ ఒక పేజీ పెట్టుకుంటారు. ఏ నూలు వాడారు, ఏ సైజు సూది, ఎక్కడ నమూనాను కాదని సొంతంగా మార్చారు, అన్నీ రాసుకుంటారు. నమూనా అమ్మిన డిజైనర్ ఆ పేజీలు చదివితే చాలు. వరసగా అందరూ చేతులు రెండంగుళాలు పొడుగు చేసుకుంటున్నారంటే తన కొలతే పొట్టి. వాళ్లు అది డిజైనర్‌ను మెచ్చుకోవడానికి రాయలేదు, తమ కోసం రాసుకున్నారు. అందుకే అందులో అబద్ధం తక్కువ. మనుషులు తమ కోసం రాసుకున్నదాన్ని నేను నమ్ముతాను. మనకోసం నొక్కిన హార్టును అంతగా నమ్మను. ఇది నా పిచ్చి అనుకున్నా సరే.

ఇప్పుడు నా అనుమానాలు. ‘క్రియేటర్ కెరీర్’, ‘సోషల్ కామర్స్’ అంటూ సర్టిఫికెట్ కోర్సులు పుట్టగొడుగుల్లా వచ్చాయి. ఫాలోవర్లను ఎలా పెంచాలో చెబుతారు. అవతలి మనిషి ఎందుకు కొనలేదో కనుక్కోవడం చెప్పరు, ఎందుకంటే అది వీడియోలో చూపించడానికి బాగుండదు. పైగా ఈ సైట్లన్నీ అద్దెకొంపలు. గోడకు మేకు కొట్టాలన్నా యజమాని దయ. ఎట్సీ 2005లో మొదలైంది. ఒకప్పుడు అక్కడ ‘ట్రెజరీ’ అని ఉండేది. సభ్యులు ఇతరుల వస్తువులను ఏరి, అందంగా పేర్చి, జాబితా కట్టేవారు. ఎవరి వస్తువు పక్కన ఎవరిది పెట్టారో చూసి ఎందరో తమ కొనుగోలుదారుల రుచి తెలుసుకున్నారు. సైటు దాన్ని తీసేసింది. అమ్మకం మీద తీసుకునే వాటా 2018లో 3.5 శాతం నుంచి 5 శాతానికి, 2022 ఏప్రిల్‌లో 6.5 శాతానికి పెరిగింది. అప్పుడు వేలమంది అమ్మకందార్లు నిరసనగా కొన్నాళ్లు షాపులు మూసి పెట్టారు. వాటా మాత్రం తగ్గలేదు. బెర్లిన్ నుంచి నడిచిన డావాండా అనే చేతిపనుల సైటు 2006లో పుట్టి, 2018 ఆగస్టులో మూతపడింది. అక్కడ ఏళ్ల తరబడి కూడబెట్టుకున్న హార్టులు ఏమయ్యాయి? తమ కొనుగోలుదారులు ఎవరో, ఏం అడుగుతారో విడిగా రాసిపెట్టుకున్నవాళ్లు మాత్రం వేరే చోట షాపు పెట్టినా తడుముకోలేదు.

నా దగ్గరికి వచ్చిన ఒక కుర్రాడు తోలు అట్టల నోటుపుస్తకాలు కుట్టి అమ్మేవాడు. షాపు సాగలేదు, మూసేశాడు. ఇంటర్వ్యూకి వెళ్తూ ఆ సంగతి దాచేద్దామన్నాడు. వద్దన్నాను. కొనేవాళ్లు అడిగిన ప్రశ్నలు ఒక పాత నోటుబుక్కులో తేదీలతో రాసుకున్నాడు, దాన్నే పట్టుకెళ్లమన్నాను. ఇంటర్వ్యూలో సగం సేపు ఆ పుస్తకం మీదే మాట్లాడారట. ఉద్యోగం వచ్చింది. అందరికీ ఇలాగే అవుతుందని చెప్పను. ఆ నోటుబుక్కు లేకపోతే మాత్రం అతని షాపు ఒక మూసేసిన షాపు, అంతే.

సరే, మాటిచ్చాను కదా, పోలిక. ఎంట్రన్సులు, కటాఫ్‌ల జోలికి వెళ్లను, అవి మీకు నాకంటే బాగా తెలుసు. ఎంబీఏ ఇచ్చేది క్రమశిక్షణ. 55 అమ్మకాలను చూసి లోకమంతా ఇలాగే ఉందనుకోకూడదని నేర్పుతుంది. (ఔను, 55. మీవి ఆరు తీసేశాను.) జవాబు ముందే నోట్లో పెట్టకుండా ప్రశ్న అడగడం నేర్పుతుంది, పదిమందితో పనిచేయడం నేర్పుతుంది. షాపు ఇచ్చేది ఇంకోటి: తెలియనివాళ్లు తన వస్తువును కాదన్నప్పుడు తట్టుకుని, ఎందుకు కాదన్నారో వెతకడం. తరగతి గదిలో అది దొరకడం కష్టం. నా మొగ్గు రెండిటికీ మధ్యలో ఉంది. డిగ్రీ అవగానే ఏడాదో రెండేళ్లో ఉద్యోగం చెయ్యనివ్వండి. ఆన్‌లైన్ అమ్మకాల సంస్థల్లో ఒక్కో రకం సరుకు చూసుకునే బృందాలు ఉంటాయి, వాడేవాళ్లకు ఏం కావాలో కనుక్కునే యూజర్ రీసెర్చ్ బృందాలు ఉంటాయి, కస్టమర్ల ఫిర్యాదులు చదివి సర్దే బృందాలు ఉంటాయి. మీ అమ్మాయి రాత్రుళ్లు చేస్తున్న పని వాళ్లు పగలు జీతానికి చేస్తారు. షాపు చిన్నగా పక్కన నడవనివ్వండి. ఎంబీఏ ఆ తర్వాత కూడా చెయ్యొచ్చు, అప్పటికి దేనికి చదువుతోందో తనకే తెలుస్తుంది.

పోలిక ఇంతేనా అని మీకు అసంతృప్తిగా ఉండొచ్చు. మీకు కావాల్సింది పోలిక కంటే ధైర్యం అనిపించి అటే ఎక్కువ మాట్లాడాను. ఒంటరిగా ఏడాదిన్నర ఒక షాపు నిలబెట్టి, ముక్కూమొహం తెలియని మనుషుల చేత 55 జతలు కొనిపించిన పిల్ల ఖాళీగా కూర్చునే రకం కాదమ్మా. నిద్ర విషయంలో మాత్రం మీరే గెలవాలి. పదకొండు దాటితే ఫోను పక్కన పెట్టమనండి.

ఇక ఆ ఆరు రివ్యూల సంగతి. మీ చెల్లెళ్లకు, ఆడపడుచుగారికి ఫోన్ చేసి వాటిని తీసేయడానికి వీలుందేమో చూడమనండి. కానీ అంతకంటే ముందే పిల్లకు మీ నోటితో చెప్పండి. కోప్పడుతుంది, ఒక పూట అన్నం మానేస్తుంది కూడా. ఏయే జతలు కొన్నారో, ఏ రంగులో ఆ జాబితా కూడా ఇవ్వండి. తన లెక్కల్లోంచి వాటిని కొట్టేసుకోవాలి కదా.