సశేషం అన్న మాటకు ఎన్నాళ్లు?

పాఠకుల ప్రశ్నలు – మా జవాబులు

నేరమే జీవనాధారమైన కుటుంబాల కథలు చెప్పే ధారావాహికల గురించి గడిచిన నెలలో చాలా ఉత్తరాలు వచ్చాయి. అందులో ఎక్కువ భాగం కొత్త సీజన్ ఏ తేదీన వస్తుందని అడిగినవే. జ్యోతిషం నాకు రాదు కనుక వాటిని పక్కన పెట్టి, ఎదురుచూపు గురించే అడిగిన ఐదు ఉత్తరాలకు ఇక్కడ జవాబు రాస్తున్నాను. అమెరికాలో 1999 నుంచి 2007 వరకు ప్రసారమైన ‘ది సోప్రానోస్’ ప్రస్తావన ఇందులో మళ్లీ మళ్లీ వస్తుంది. ఈ తరహా కథలకు అభిమానులు సంవత్సరాల తరబడి కాచుకు కూర్చోవడం ఎలా ఉంటుందో నేను దాన్ని చూసే తెలుసుకున్నాను. కథలోని గుట్టు కొన్నిచోట్ల బయటపడక తప్పదు. ఇంకా చూడనివారు మన్నించాలి.

ప్రశ్న: ‘మీర్జాపూర్’ రెండో సీజన్ 2020 అక్టోబరులో చూశాను, మూడోది 2024 జూలైలో వచ్చింది. ఆ మధ్యలో నాకు పెళ్లయింది, పాప పుట్టింది, మాటలు కూడా వచ్చాయి. పూర్వం కూడా ఇలాగే ఆలస్యం చేసేవారా, ఓటీటీలు వచ్చాకే ఈ జబ్బు పట్టుకుందా?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: జబ్బు పాతదే, ముదిరింది మాత్రం ఇప్పుడు. ‘ది సోప్రానోస్’ మొదటి మూడు సీజన్లు 1999, 2000, 2001 సంవత్సరాలలో దాదాపు పండగల్లా ఏటా వచ్చాయి. మూడో సీజన్ 2001 మే నెలలో ముగిస్తే నాలుగోది మొదలయ్యేసరికి 2002 సెప్టెంబరు అయింది. నాలుగుకూ అయిదుకూ మధ్య పదిహేను నెలలు, అయిదుకూ ఆరుకూ మధ్య ఇరవై ఒక్క నెలలు పట్టింది. ఆ ఆలస్యంతో జనం విసిగి మానుకున్నారా అంటే, పదహారు నెలల విరామం తర్వాత వచ్చిన నాలుగో సీజన్ తొలి భాగాన్ని సుమారు కోటీ 34 లక్షలమంది చూశారు. నెలనెలా డబ్బు కడితే తప్ప రాని హెచ్‌బీఓ వంటి ఛానెల్‌కు అది మామూలు సంఖ్య కాదు.

ఆలస్యానికి కారణాలు ఒకటి రెండు కావు. ఏ పాత్ర ఎక్కడ బయలుదేరి ఎక్కడ తేలాలో సీజన్ మొత్తానికీ ముందుగా పట్టిక వేసుకుని, ఆ తర్వాతే తక్కిన రచయితలతో కూర్చోవడం సృష్టికర్త డేవిడ్ ఛేజ్ పద్ధతి. ఈ వారం భాగం ఈ వారమే అల్లే పని అక్కడ నడవదు. 2003లో పారితోషికం విషయమై, కథానాయకుడైన ముఠా నాయకుడు టోనీ సోప్రానో పాత్రధారి జేమ్స్ గాండోల్ఫీనీ నిర్మాణ సంస్థపై కోర్టుకు వెళ్లారు, సంస్థ ఎదురు దావా వేసింది, అయిదో సీజన్ చిత్రీకరణ వాయిదా పడింది. చివరికి ఇరుపక్షాలూ రాజీపడ్డాయి. వీటిలో దేన్నీ తెరమీద చూపలేరు కనుక, ఇంట్లో కూర్చున్న ప్రేక్షకుడికి అంతా బద్ధకంలాగే కనిపిస్తుంది.

మీ బాధకు అసలు కారణం ఆలస్యమొక్కటే కాదని నాకనిపిస్తుంది. ఆ రోజులలో ఆదివారం రాత్రి ఒక భాగం చొప్పున పదమూడు వారాలు సాగేది, అంటే అభిమానులు ఏడాదిలో మూడు నెలలపాటు ఆ ఇంట్లోనే కాపురం ఉండేవారు. మీరు ‘మీర్జాపూర్’ రెండో సీజన్ పది భాగాలనూ ఎన్ని రాత్రులలో ముగించారో ఉత్తరంలో రాయలేదు గానీ, రెండు మూడుకు మించి ఉండవని పందెం కాస్తాను. రెండు రాత్రుల విందుకు మూడున్నరేళ్లు దాటిన ఉపవాసమంటే ఎవరికైనా కోపం రాకుండా ఉండదు. మా తరంవాళ్లం వారపత్రికలో సీరియల్ నవల చదివి, ‘సశేషం’ దగ్గర ఆగిపోయి, పోస్టుమాన్ కోసం గుమ్మంలో నిలబడ్డవాళ్లం. ఎదురుచూపు ఏడు రోజులే అయితే అదీ కథలో భాగమేనని మాకు తెలుసు.

ఒక్క లాభం మాత్రం చెప్పాలి. ‘ది సోప్రానోస్’ తొలి భాగాన్ని 1997లోనే చిత్రించారు, చివరి భాగం 2007లో ప్రసారమైంది. ఆ పదేళ్లలో టోనీ పిల్లలుగా నటించిన ఇద్దరూ నిజంగానే పెరిగారు. తండ్రి ఏం పని చేస్తాడో తెలియని పసివాడు, తెలిసీ మాట్లాడని యువకుడైపోవడం మేకప్‌తో వచ్చే మార్పు కాదు. నేరగాళ్ల కుటుంబకథలో ఎవరు ఎవరిని చంపారన్నది ఒక పక్కన ఉంటే, ఇంట్లో ఎవరికి ఎంత తెలుసు అన్నది మరో పక్కన ఉంటుంది. రెండోది పండడానికి కాలం పట్టాల్సిందే. ‘మీర్జాపూర్’ రెండో సీజన్ చివర కాలీన్ భయ్యాను గుళ్లు తగిలిన స్థితిలో శరద్ ఎత్తుకుపోయిన తర్వాత ఏమైందో తెలియడానికి ఇన్నేళ్లు పట్టాలా అంటారా? అక్కడ మాత్రం మీ పక్షమే నేనూ.

ప్రశ్న: సీజన్ల మధ్య ముఖ్యపాత్రధారి కన్నుమూస్తే కథను ఏం చేస్తారు? వేరేవారితో నటింపజేయడం మన టీవీ సీరియళ్లలో చూస్తూనే ఉన్నాం, అది నాకు మింగుడుపడదు.
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: మన సీరియళ్లలో నిన్నటి అత్తగారు నేడు మరో ముఖంతో వచ్చినా కోడలు గుర్తుపట్టి కాళ్లకు దండం పెడుతుంది; దానికి ప్రేక్షకులు అలవాటుపడిపోయారు. ఆ పని చేయకూడదనుకుంటే ఎంత ఇబ్బందో చెప్పడానికి ‘ది సోప్రానోస్’లోని తల్లి పాత్ర లివియాను మించిన ఉదాహరణ లేదు. ఆ కథకు ఆమే మూలం. కొడుకును చంపించడానికి భర్త సోదరుడితో కలిసి పావులు కదిపిన తల్లి ఆమె. కొడుకు మానసిక వైద్యురాలి దగ్గరకు వెళ్లడానికి సగం కారణం కూడా ఆమే. ఛేజ్ ఆ పాత్రను తన కన్నతల్లిని చూసి రాశానని దాచుకోకుండా చెప్పారు.

రెండో సీజన్ చివర, కొడుకు ఇచ్చిన దొంగ విమానం టిక్కెట్లతో లివియా పట్టుబడుతుంది. ఆ కేసులో ఆమె కొడుకుమీద సాక్ష్యం చెబుతుందా, కొడుకు ఆమెను మంచి చేసుకోగలడా అన్నదానిమీద మూడో సీజన్‌ను నడపాలన్నది ఆలోచన. ఇంతలో 2000 జూన్‌లో, ఆ పాత్రధారి నాన్సీ మార్చండ్ క్యాన్సర్‌తో కన్నుమూశారు. అనుకున్న కథంతా పక్కకు పోయింది. 2001 మార్చిలో మూడో సీజన్ మొదలైన రాత్రే లివియా మరణాన్నీ చూపించారు. అంతకుముందు తల్లీకొడుకుల మధ్య చివరి సంభాషణ ఒకటి ఉండాలన్న తాపత్రయంతో, పాత సన్నివేశాలలోని ఆమె ముఖాన్నీ మాటలనూ తీసి కంప్యూటర్ సాయంతో మరొకరి శరీరానికి అతికించారు. అది అతకలేదు. ముఖం ఒక వెలుగులో, గది మరో వెలుగులో ఉంటాయి. అడిగిన ప్రశ్నకూ ఆమె జవాబుకూ పొంతన సగమే కుదురుతుంది. ఆ సన్నివేశం లేకుండా ఉంటే బాగుండేదని నేననుకుంటాను. ఆ తర్వాత వచ్చే అంత్యక్రియల ఘట్టం మాత్రం అద్భుతం. పోయినావిడ గురించి ఒక్క మంచిమాట చెప్పమంటే ఇంటినిండా ఉన్న చుట్టాలు ఒకరి ముఖాలు ఒకరు చూసుకుంటారు. చివరికి కూతురు బలవంతపెట్టగా ఒక్కొక్కరూ తడబడుతూ నోరు తెరుస్తారు. చావింట్లో అలాంటి మౌనాన్ని మనలో చాలామంది చూసే ఉంటారు.

ఇరవై ఏళ్ల తర్వాత బ్రిటన్‌లో ‘పీకీ బ్లైండర్స్’కు ఇదే కష్టం వచ్చింది. ఆ కుటుంబానికి పెద్దదిక్కు పాలీ అత్త పాత్రధారి హెలెన్ మెక్‌క్రోరీ 2021 ఏప్రిల్‌లో మరణించారు. 2022లో ఆరో సీజన్ పాలీ చితితోనే మొదలైంది. ఆమె ముఖాన్ని కంప్యూటర్‌లో బతికించే ప్రయత్నం చేయలేదు. నన్నడిగితే ఇదే మర్యాద.

ప్రశ్న: వెంకటేష్ గారు ఉన్నారు కదా, ఇంటిల్లిపాదీ చూడొచ్చని ‘రానా నాయుడు’ మొదటి సీజన్ పెట్టి, పది నిమిషాలకే మా మామగారి ముందు తలెత్తుకోలేకపోయాను. కుటుంబకథ అని రాసే వాటికి ఇంకో పేరు పెట్టకూడదా? రెండో సీజన్ వచ్చినప్పుడు మా ఆయనా నేనూ తలుపు వేసుకుని చూశాం, అది వేరే సంగతి.
– ఒక గృహిణి, విజయవాడ

జవాబు: అమ్మా, 2023 మార్చిలో మీలాంటివాళ్ల ఉత్తరాలతో మా బల్ల నిండిపోయింది. తెలుగులో కుటుంబకథ అంటే అందరూ కలిసి కూర్చుని చూసేదని అర్థం. ముప్పై ఏళ్లుగా ఆ మాటకు వెంకటేష్ గారే హామీదారు. ఇక్కడ ఆ మాటకు వేరే అర్థం: కుటుంబం గురించిన కథే తప్ప కుటుంబం కోసం తీసింది కాదు. జైలునుంచి విడుదలైన తండ్రి నాగ నాయుడును చూసి కొడుకు రానా భయపడడు, అసహ్యించుకుంటాడు. ఆ అసహ్యానికి తగిన భాష వాళ్ల నోట పలికింది. ఆ బూతుల్లో సగం తీసేసినా కథకు వచ్చే నష్టం లేదన్నది నా అభిప్రాయం.

ఈ తికమక మనకొక్కరికే కాదు. ఇటాలియన్ అమెరికన్ నేరముఠాలు తమను తాము ‘ఫ్యామిలీ’ అనే పిలుచుకుంటాయి. భార్యాబిడ్డలు ఒక ఫ్యామిలీ, ముఠా ఒక ఫ్యామిలీ, రెండింటికీ టోనీయే యజమాని, ఒకదానికి చెప్పిన అబద్ధంతో రెండోదాన్ని నిలబెట్టుకోవడమే అతని రోజువారీ పని. ‘ది సోప్రానోస్’ పేరు వింటే సంగీతం పాడేవాళ్ల కథ అనుకుంటారేమోనని నిర్మాణ సంస్థవారు బెంగపడ్డారు. చివరికి ఆ పేరులోని ఒక అక్షరాన్ని తుపాకీ ఆకారంలో గీయించి ఊరట పొందారు. మన దగ్గర ఏ అక్షరాన్ని తుపాకీ చేసినా వెంకటేష్ గారి ముఖం చూశాక ఎవరూ పట్టించుకునేవారు కారేమో.

‘రానా నాయుడు’కు మూలం అమెరికన్ ధారావాహిక ‘రే డొనోవన్’. ఏడు సీజన్లు, 82 భాగాలు నడిచాక, తర్వాతి సీజన్‌తో కథ తేలుతుందని అభిమానులు కాచుకుని ఉండగా 2020 ఫిబ్రవరిలో దాన్ని నిలిపివేశారు. తండ్రీకొడుకుల లెక్క తేల్చడానికి 2022 జనవరిలో ఒక సినిమా తీయాల్సివచ్చింది. మీకు నచ్చిన కథ ముందుకు సాగడం మీ చేతిలోనూ లేదు, రాసేవారి చేతిలోనూ పూర్తిగా లేదు.

ప్రశ్న: కొత్త సీజన్ ముందు పాతదంతా మళ్లీ చూడాలా, యూట్యూబ్‌లో పది నిమిషాల సారాంశం సరిపోతుందా?
– ఒక విద్యార్థి, తిరుపతి

జవాబు: ఎవరు పోయారో, ఎవరు మిగిలారో తెలిస్తే చాలనుకుంటే సారాంశం చాలు. ఎవరి మనసులో ఏం మిగిలిందో కావాలంటే, పాత సీజన్‌లో కుటుంబమంతా ఒక బల్ల దగ్గర భోజనానికి కూర్చున్న సన్నివేశాలు వెదికి చూడండి. తుపాకీ పేలడానికి చాలాముందే పగ అక్కడ మొలకెత్తి ఉంటుంది. పరీక్షలు అయ్యాక చూడండి.

ప్రశ్న: మేము న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉంటాం. ‘ది సోప్రానోస్’ ఈమధ్యే మొదటినుంచి చూసి పూర్తిచేశాం. మేము రోజూ కారులో వెళ్లే రోడ్లే అందులో కనిపిస్తుంటే సరదా వేసింది. అడవిలో తప్పించుకున్న ఆ రష్యన్ ఏమయ్యాడు? చివరి దృశ్యంలో తెర నల్లబడిపోయిందేమిటి? ఇంకో సీజన్‌కు ఆశ ఉందా?
– ఒక దంపతులు, ఎడిసన్

జవాబు: చివరి ప్రశ్నకు ముందు. ఆశ లేదు. గాండోల్ఫీనీ 2013 జూన్‌లో రోమ్‌లో 51 ఏళ్ల వయసులో మరణించారు. 2021లో వచ్చిన ‘ది మెనీ సెయింట్స్ ఆఫ్ న్యూవార్క్’ సినిమాలో టోనీ కుర్రతనాన్ని ఆయన కొడుకు మైకేల్ నటించారు. తండ్రి పాత్రను కొడుకు మోయడం మన సినిమావాళ్లకు కొత్తకాదు గానీ, అక్కడ ఆ కుర్రవాడు తల కొంచెం వంచి చూసినప్పుడల్లా నాకు కథ తప్పిపోయి తండ్రే గుర్తుకొచ్చారు.

రష్యన్ సంగతి. మూడో సీజన్‌లో టోనీ ముఠా మనుషులు పాలీ, క్రిస్టఫర్ ఇద్దరూ చంపేశామనుకుని మంచు కమ్మిన అడవికి మోసుకెళ్లినవాడు అక్కడ లేచి పారిపోతాడు. ఇద్దరూ దారి తప్పి, చలికి వణుకుతూ, పాడుబడ్డ వ్యానులో దొరికిన సాస్ పొట్లాలు నాకుతూ రాత్రి గడుపుతారు. కథలో అది మీ న్యూజెర్సీ పైన్ బారెన్స్. చిత్రీకరించింది మాత్రం న్యూయార్క్ రాష్ట్రంలోని హారిమన్ పార్కులో. అతను తిరిగివచ్చి పగ తీర్చుకుంటాడని అభిమానులు 2001 నుంచి 2007 దాకా ప్రతి కొత్త సీజన్‌కూ కాచుకున్నారు. రాలేదు. ఛేజ్‌ను ఈ ప్రశ్నతో ఎంత వేధించారో లెక్కలేదు. ఆయనకు ఆ ఇద్దరు చలిలో ఒకరినొకరు తిట్టుకోవడం ముఖ్యం, అభిమానులకు తప్పించుకున్నవాడు ముఖ్యం. మొదట్లో నేనూ మోసపోయాననుకున్నాను. రెండోసారి చూసినప్పుడు, వాడు ఎక్కడో బతికే ఉన్నాడన్న అనుమానంతోనే తర్వాతి సీజన్లన్నీ చూశానని గుర్తించాను. ఏ గుమ్మం చప్పుడైనా వాడేనేమో అనిపించేది.

తెర నల్లబడినప్పుడు, 2007 జూన్ 10న అమెరికాలో చాలామంది కేబుల్ పోయిందనుకుని టీవీ దగ్గరకు పరుగెత్తారు. హోటల్‌లో టోనీ, భార్య, కొడుకు ఉల్లిపాయ రింగులు తింటున్నారు, కూతురు మెడో బయట కారు నిలపలేక అవస్థ పడుతోంది, గుమ్మం గంట మోగింది, అతను తలెత్తాడు, అంతే. అతను చనిపోయాడనేవారి వాదన నాకు తెలుసు, బతికున్నాడనేవారిదీ తెలుసు. నేను చనిపోయాడనే పక్షం, ఎందుకంటే ఆ సన్నివేశంలో గంట మోగిన ప్రతిసారీ మనం టోనీ కళ్లతోనే గుమ్మంవైపు చూస్తాం. చివరిసారి చూడడానికి ఆ కళ్లు లేవు.

ఆ హోటల్ బ్లూమ్‌ఫీల్డ్‌లోని హోల్‌స్టెన్స్ అనే ఐస్‌క్రీమ్ దుకాణం. మీ ఇంటినుంచి కారులో గంటలోపే. వాళ్లు కూర్చున్న అసలు బల్లనూ సీట్లనూ 2024లో వేలం వేస్తే 82,600 డాలర్లు పలికింది, కనుక మీరు వెళ్లినా కూర్చునేది కొత్తదానిమీదే. ఉల్లిపాయ రింగులు మాత్రం తెప్పించుకోండి. కారు నిలపడానికి మెడోకు పట్టినంతసేపు మీకూ పట్టిందో లేదో రాయగలరు.