వెయ్యి రూపాయల ఫీజుతో వర్క్‌షాపు గిట్టుబాటు కాదు

ప్రశ్న: అనంతపురంలో ఇంటి దగ్గరే కూచిపూడి నేర్పిస్తున్నాను. 28 మంది పిల్లలు, నెలకు ఒక్కొక్కరికి 500 రూపాయలు. హైదరాబాద్ నుంచి ఒక పెద్ద గురువు గారిని పిలిపించి మే నెలలో రెండు రోజుల వర్క్‌షాపు పెట్టాలని కోరిక. ఇలాంటి పని తలపెట్టడం ఇదే మొదటిసారి. 40 మందికి మించి వద్దని గురువు గారు చెప్పారు. పారితోషికం అడిగితే తోచినంత ఇవ్వమన్నారు. దానికి 25 వేలు అనుకుని, హాలు, ప్రయాణం, బస, మైకు, ఫ్లెక్సులు కలిపి 50 వేలు అవుతుందని లెక్క వేశాను. పిల్లల భోజనం, సర్టిఫికెట్లకు తలకు 350 వేరు. ఫీజు వెయ్యి పెడదామనుకుంటున్నాను. డబ్బు కోసం పాప చదువుకు దాచిన 1,20,000 రూపాయల ఫిక్స్‌డ్ డిపాజిట్ తీయమంటారా, మావారు అంటున్నట్టు చీటీ పాడమంటారా?

జవాబు: రెండూ వద్దు. డబ్బు ఎక్కడి నుంచి తేవాలని మీరు అడిగారు. దానికంటే ముందు తేలాల్సింది ఫీజు. వెయ్యిలో తలకు 350 పోతే మిగిలేది 650. దానితో 50 వేలు పూడాలంటే 77 మంది చేరాలి. గురువు గారు ఒప్పుకున్నది 40 మందికే. అంటే ఒక్క సీటు ఖాళీ లేకుండా నిండినా 24 వేలు మీ చేతి నుంచి పడుతుంది. ఫీజు తగ్గిస్తే జనం పెరుగుతారన్న లెక్క సీట్లకు హద్దు లేనిచోట పనికొస్తుంది, ఇక్కడ కాదు.

ఫీజు 1,800 చేయండి. అప్పుడు తలకు 1,450 మిగులుతుంది. 35 మందితో ఖర్చు తేలిపోతుంది. 40 నిండితే ఎనిమిది వేలు మిగులుతుంది. అనంతపురంలో అంత ఎవరిస్తారని మీకు అనిపించవచ్చు. అదే గురువు దగ్గర రెండు రోజులు నేర్చుకోవాలంటే తల్లీబిడ్డా హైదరాబాద్ వెళ్లి, అక్కడ బస చేసి రావాలి. ఆ ఖర్చెంతో తల్లులకు బాగా తెలుసు.

మీ లెక్కలో నాకు అన్నిటికంటే భయం కలిగించింది ‘తోచినంత ఇవ్వండి’ అన్న మాట. ఆయన మర్యాద కొద్దీ అని ఉంటారు, కాదనను. కానీ ఆయన మనసులో ఉన్నది 35 వేలైతే? అప్పుడు ఖర్చు తేలడానికి 42 మంది కావాలి, సీట్లేమో 40. రెండో రోజు సాయంత్రం తాంబూలంలో పెట్టిన కవరు చూసి పెద్దాయన ముఖం చిన్నబోతే మీకు అంతకంటే బాధ. మళ్లీ ఫోను చేసి, “మా బడ్జెట్ 25 వేలు గురువు గారూ, మీకు సమ్మతమేనా?” అని నేరుగా అడగండి. నట్టువాంగానికి, అంటే తాళం వేస్తూ నాట్యాన్ని నడిపించడానికి, శిష్యులెవరైనా వెంట వస్తారా, వస్తే వాళ్ల టికెట్లు, గది ఎవరివి, ఒక పూట ప్రదర్శన కూడా అనుకుంటున్నారా, ఇవన్నీ అప్పుడే తేల్చుకోండి. ఒప్పుకున్నది వాట్సాప్‌లో వినయంగా రాసి పంపండి. డబ్బు మాట ముందే తెగితే గురుభక్తికి లోటేమీ రాదు.

హాలు దగ్గర పొదుపు చేయాలనిపిస్తుంది. ఆదివారం ఖాళీగా ఉండే స్కూలు హాలు చవకగా దొరుకుతుంది కూడా. వెళ్లినప్పుడు పైకప్పు కాదు, నేల చూడండి. మన వైపు ఎక్కడ చూసినా తాడిపత్రి బండలే. వాటి మీద వట్టి కాళ్లతో రోజంతా అడుగులు తొక్కితే పదేళ్ల పిల్లకైనా మడమలు, మోకాళ్లు పట్టేస్తాయి. పైన తివాచీ పరిస్తే అది జారి ఇంకో ప్రమాదం. చెక్క నేల దొరకకపోతే అడుగుల పాఠానికీ పాఠానికీ మధ్య కూర్చుని చేసే అభినయం పెట్టగలరేమో గురువు గారినే అడగండి. ప్రదర్శనల కోసం కట్టిన ఆడిటోరియంకు అద్దె పోయకండి. మీకు కావలసింది 40 మంది చేతులు చాపి నిలబడే చదునైన చోటు.

మే నెల మార్చుకోండి. ఎండలు 40 డిగ్రీలు దాటే రోజుల్లో ఏసీ హాలైనా కావాలి, కూలర్లయినా తేవాలి. ఏది చేసినా మీ 50 వేలు 50 వేలుగా ఉండదు. మార్చిలో పరీక్షలు, దసరాకు గురువులకు కచేరీలు, సంక్రాంతికి పిల్లలు ఊళ్లకు పోతారు. నవంబరులో రెండో శనివారం, ఆ మర్నాటి ఆదివారం నయం.

ఇక మొహమాటం. ఆడపడుచు కూతురు, ఇంటి ఓనరు మనవరాలు, హాలు ఇప్పించినాయన పిల్లలు, అందరూ ‘మన వాళ్లే కదా’ అనేవాళ్లే. 40 సీట్లలో నాలుగు ఉచితంగా ఇస్తే మీకు 800 మిగులుతుంది. అయిదోది ఇస్తే వెయ్యి నష్టం. ఆ నాలుగు పేర్లు ఇప్పుడే కాగితం మీద రాసుకోండి. ఫీజు కట్టలేని మీ శిష్యురాలు ఎవరైనా ఉంటే మొదటి పేరు ఆ పిల్లదే కావాలి. నగల దుకాణం వాళ్లు, చీరల షాపు వాళ్లు స్పాన్సర్ చేస్తామన్న డబ్బు ఖాతాలో పడేదాకా సున్నాగానే రాసుకోండి.

నష్టం ఎంతవరకు భరించగలరో కూడా ముందే అనుకోవాలి. మీ నెల ఫీజులు 14 వేలు. ఒక నెల సంపాదన పోయినా ఇల్లు నడుస్తుందనుకుందాం. 1,800 చొప్పున 25 మంది కడితే వచ్చే నష్టం 13,750. కాబట్టి మీ గీత 25. వర్క్‌షాపుకు మూడు వారాల ముందు ఒక తేదీ పెట్టుకోండి. ఆనాటికి 25 మంది పూర్తి ఫీజు కట్టకపోతే రద్దు చేసి, వారంలోగా ఎవరి డబ్బు వారికి తిరిగి ఇచ్చేయండి. ‘వస్తాం లెండి’ అన్నవాళ్లు లెక్కలోకి రారు. ఈ తేదీ సంగతి గురువు గారికీ, హాలు వాళ్లకూ మొదటి రోజే చెప్పాలి. చెబితే, రద్దు చేసినా పోయేది హాలు అడ్వాన్సు, టికెట్టు రద్దు ఖర్చు, ఫ్లెక్సులు, అంతే.

సీట్లు నింపుకోవడానికి ఇంకో దారి ఉంది. ఊళ్లో మిగతా నాట్య ఉపాధ్యాయులు తమ పిల్లలను మీ దగ్గరికి పంపడానికి జంకుతారు, మీరు లాగేసుకుంటారేమోనని. గురువు గారు ఒప్పుకుంటే శనివారం సాయంత్రం రెండు గంటలు ఉపాధ్యాయులకే ప్రత్యేకంగా పెట్టండి. వెయ్యి చొప్పున ఆరుగురు వచ్చినా ఆరు వేలు, మీకయ్యేది టీ ఖర్చు. తామూ నేర్చుకుంటున్నారు కాబట్టి పిల్లలనూ పంపుతారు.

ఇలా ముందే ఫీజు వసూలు చేస్తే మీకు మొదట్లో కావలసింది అడ్వాన్సులకు పది వేల లోపే. దానికోసం డిపాజిట్ విరిస్తే చాలా బ్యాంకులు వడ్డీలో కోత పెడతాయి. చీటీ తొలి నెలల్లో పాడితే పోయేది అంతకంటే ఎక్కువ. మరీ అవసరపడితే డిపాజిట్ మీదే బ్యాంకులో అప్పు తీసుకోండి. వడ్డీ సాధారణంగా డిపాజిట్ వడ్డీ కంటే ఒకటి రెండు శాతమే ఎక్కువ, పాప డబ్బు కదలదు.

ఫీజులకు విడిగా ఒక సేవింగ్స్ ఖాతా తెరిచి, దాని క్యూఆర్ కోడ్ మాత్రమే తల్లిదండ్రులకు ఇవ్వండి. పాలవాడి డబ్బూ గురువు గారి డబ్బూ ఒకే ఖాతాలో కలిస్తే లెక్క ఎప్పటికీ తేలదు. సేవలకు జీఎస్టీ నమోదు ఏడాది టర్నోవరు 20 లక్షలు దాటితేనే, మీకు ఆ బెడద లేదు. మిగులు మాత్రం మీ ఆదాయమే, ఆదాయపు పన్ను రిటర్ను వేసేటప్పుడు చూపండి. రసీదులు దాచండి. మిగిలిన డబ్బు ఆ ఖాతాలోనే ఉంచితే వచ్చే ఏడాది హాలు అడ్వాన్సుకు మళ్లీ నాకు ఉత్తరం రాయనక్కర్లేదు.