బూట్ల సంగతి తర్వాత, ముందు పాదం సంగతి

ప్రశ్న: మా తమ్ముడికి 16 ఏళ్లు, 400 మీటర్లు పరిగెడతాడు. మూడు నెలల కిందట అక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకేమియా అనే బ్లడ్ క్యాన్సర్ అని తేలింది. మొదటి నెల కీమో అయ్యాక రెమిషన్ వచ్చిందన్నారు. అప్పట్నించీ నాన్న "నువ్వు ఫైటర్‌వి రా, వచ్చే సీజన్‌కి ట్రాక్ మీద ఉండాలి" అంటూ పొద్దున్నే లేపి నడిపిస్తున్నారు. అమ్మేమో మంచం దిగనివ్వదు. ఇద్దరి గొడవ మధ్య వాడు మాట్లాడటమే మానేశాడు. బూట్ల సంచి మంచం కిందికి తోసేశాడు. వారం నుంచి నడుస్తుంటే కుడి పాదం నేలకి రాసుకుంటోంది, నాన్న అది బద్ధకం అంటున్నారు. నేనేం చెయ్యాలి?
- ఓ అక్క

జవాబు: అమ్మా, అది బద్ధకం కాదు. ఈ చికిత్సలో వాడే విన్‌క్రిస్టిన్ అనే మందు నరాలను దెబ్బతీస్తుంది, దానివల్ల పాదాన్ని పైకెత్తే కండరాలు బలహీనపడి పాదం ఇలాగే నేలకి రాసుకుంటుంది. వాడికి ఆ మందు ఇస్తున్నారో లేదో డాక్టర్ని అడగండి, పాదం గురించి చెప్పండి, తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగొద్దు. ఫిజియోథెరపీ, అవసరమైతే పాదాన్ని నిలబెట్టి ఉంచే స్ప్లింట్, మోతాదు మార్చాలా వద్దా అన్నవి వాళ్లు చూస్తారు. మందు ఆగాక చాలామందిలో మెల్లగా తగ్గుతుంది.

అసలు వాడు ఈ మాట ఎందుకు చెప్పలేదో ఆలోచించారా? పరుగు నేర్చుకున్న పిల్లలకి మనం నేర్పేదే నొప్పిని ఓర్చుకోవడం. కాలు లాగుతున్నా లైన్ దాటేదాకా ఆగకూడదని ఏళ్ల తరబడి చెప్పి, ఇప్పుడు ఏ చిన్న నొప్పి వచ్చినా చెప్పరా అంటే వాడి నోట రాదు, అందులోనూ నాన్న పక్కన ఫైటర్ అంటూ నిలబడి ఉంటే అస్సలు రాదు. ఈ చికిత్సలో ఇచ్చే స్టెరాయిడ్ మాత్రల సంగతీ అంతే. కండలు పెంచుకోడానికి దొంగచాటుగా వేసుకునే స్టెరాయిడ్లు కావివి, ఇవి తొడ కండరాలను కరిగిస్తాయి. మెట్లెక్కడమే కష్టమవుతుంది. ఒక్కోసారి తుంటి, మోకాలి ఎముకలకు రక్తం సరిగా అందక ఎముకే దెబ్బతింటుంది, ఇది చిన్న పిల్లల్లోకన్నా టీనేజర్లలో ఎక్కువ. అందుకని అక్కడ నొప్పి అంటే ఓర్చుకోమని చెప్పకండి.

నాన్నగారికి ఇంకో మాట కూడా చెప్పాలి. రెమిషన్ అంటే జబ్బు పోయిందని కాదు, పరీక్షలో క్యాన్సర్ కణాలు దాదాపు కనబడటం లేదని. మిగిలినవి తిరగబెట్టకుండా మొత్తం చికిత్స రెండు నుంచి మూడేళ్లు నడుస్తుంది. కాబట్టి వచ్చే సీజన్ లెక్క ఆయన మనసులోంచి తీసేయాల్సిందే. జపాన్ ఈతగత్తె రికాకో ఇకీకి 2019 ఫిబ్రవరిలో లుకేమియా అని తెలిసింది, డిసెంబర్‌లో ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చింది, అప్పుడు ఆమె పెట్టుకున్న గురి 2024 పారిస్ ఒలింపిక్స్. 2021 టోక్యోలో రిలే ఈదడం అనుకోకుండా దక్కింది. నెదర్లాండ్స్‌కి చెందిన మార్టెన్ వాన్ డెర్ వైడెన్ అయితే 2001లో ఇదే జబ్బు పడి 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో 10 కిలోమీటర్ల ఈతలో స్వర్ణం గెలిచాడు. గట్టిగా అనుకుంటే జబ్బు తగ్గిపోతుందనే మాట ప్రమాదకరం అన్నది ఆయనే, ఎందుకంటే తగ్గనివాళ్లది తప్పన్నట్టు అవుతుంది.

అమ్మ భయం న్యాయమే, కానీ రోజంతా పడుకోబెడితే ఉన్న కండ కూడా పోతుంది. ఓపిక ఉన్న రోజు ఇంట్లో నాలుగడుగులు, లేని రోజు నిద్ర, ఎంత అన్నది ఫిజియో చెప్పినట్టు. ప్లేట్‌లెట్లు తక్కువున్నప్పుడు దెబ్బ తగిలే పనులేవీ వద్దు. జ్వరం 38 డిగ్రీలు, అంటే 100.4 ఫారెన్‌హీట్, తాకితే అర్ధరాత్రైనా ఆస్పత్రికే. మాత్ర వేసి తెల్లారేదాకా చూద్దాం అనుకోవద్దు, తెల్లకణాలు తక్కువున్నప్పుడు ఇన్‌ఫెక్షన్ గంటల్లో ముదురుతుంది.

మీ నాన్నగారికి పని లేకపోవడమే సగం సమస్య అనిపిస్తోంది నాకు. స్టాప్‌వాచ్ పక్కన పెట్టించి ఒక నోట్‌బుక్ ఇవ్వండి. ఏ రోజు ఏ మందు, రక్త పరీక్షలో ఏ అంకె, ఏ నొప్పి ఎప్పుడు మొదలైంది, అన్నీ ఆయనే రాయాలి. లాప్ టైమ్‌లు రాసిన చెయ్యి కదా, బాగా రాస్తారు. ముందు ముందు వాడు మళ్లీ పరిగెడతానంటే అదీ పనికొస్తుంది, కొన్ని కీమో మందులు గుండెను బలహీనపరుస్తాయి కాబట్టి ట్రైనింగ్‌కి ముందు ఎకో, అంటే గుండె స్కాన్, తీయించాలి. నోటి ద్వారా వేసుకునే ఈ స్టెరాయిడ్లు పోటీ సమయంలో నిషిద్ధం, చికిత్స కోసమని ముందే అనుమతి తీసుకోవాలి.

మీరు వాడి దగ్గర ఊరికే కూర్చోండి. ఆట గురించి ఎత్తకండి, వాడు ఎత్తితే వినండి. వారానికో పూట మీ చదువుకో మీ స్నేహితులకో వదిలేయమని ఇంట్లో అడగండి, అది స్వార్థం కాదు. బూట్ల సంచి మంచం కిందే ఉండనివ్వండి, ఎవరూ తీసి సర్దొద్దు. పాదం గురించి మాత్రం ఇవాళే ఫోన్ చేయండి.