బండ మార్చుకోవద్దు, నింపించుకోండి

సందేహం: మేము ఈ మధ్యనే డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఇల్లు కొనుక్కున్నాము. పెరట్లో గ్రిల్ పెట్టుకున్నాము. దుకాణం బయట ఇనుప బోనులో పెట్టి అమ్మే ప్రోపేన్ సిలిండర్లే తెచ్చుకోవాలా, లేక మా ఖాళీ సిలిండర్‌నే ఎక్కడైనా నింపి ఇస్తారా?

నింపి ఇస్తారు. మీరడిగిన ఈ మాట 2009లో నేనూ ఎవరినైనా అడిగి ఉంటే నాకు రెండు మూడు వందల డాలర్లు మిగిలి ఉండేవి. ఇంజనీరింగ్ చదివి, బ్యాంకును ఒప్పించి ఇల్లు కొనుక్కున్నవాడు గ్యాస్ బండ గురించి ఇంకొకరిని అడగడమేమిటని నాకప్పట్లో నామోషీగా ఉండేది. మీ వయసు వాళ్ళకు ఆ మొహమాటం లేదు, సంతోషమే. అయితే ఫోనులో దారి వెతుక్కోవడం వచ్చినంత బాగా మీకు లెక్క చూసుకోవడం రాదని నా అభిప్రాయం. కనుక చోటు చెప్పేముందు నా లెక్క చెబుతాను, కాస్త ఓపిక పట్టండి.

మాది భీమవరం దగ్గర పల్లెటూరు. ఆదివారం చేపల వేపుడు లేకపోతే మాకు వారం గడిచినట్టుండదు. 2005లో అమెరికా వచ్చి డాలస్ పక్కనున్న అర్వింగ్‌లో అపార్ట్‌మెంట్‌లో ఉన్నప్పుడు మూకుడు పొయ్యి మీద పెట్టిన ప్రతిసారీ పొగ అలారం మోగేది, నేను కుర్చీ ఎక్కి తువ్వాలుతో విసురుతూ ఉండేవాణ్ణి. 2009లో ప్లేనోలో ఇల్లు కొనగానే, లోపల చేప వేయించేది లేదని మా ఆవిడ గృహప్రవేశం నాడే తేల్చి చెప్పేసింది. అందుకని పక్కన ఒక పొయ్యి కూడా ఉన్న గ్రిల్ ఒకటి కొని పెరట్లో పెట్టాను. దానికి కావలసిన బండ కోసం ఒక పెద్ద దుకాణానికి వెళితే, గుమ్మం పక్కనే ఇనుప బోనులో తెల్లటి బండలు వరుసగా కనిపించాయి. డబ్బు కడితే పనివాడు తాళం తీసి ఒక నిండు బండ ఇచ్చాడు. తరువాత నుంచి ఖాళీది ఇవ్వడం, నిండుది తెచ్చుకోవడం.

ఇక్కడే మన అలవాటు మనల్ని ముంచుతుంది. మన ఊళ్ళో గ్యాస్ అబ్బాయి ఖాళీ బండ తీసుకుని నిండు బండ దించి వెళతాడు, అంతకు మించి మనకు తెలిసిన పద్ధతి లేదు. మన బండను మన ఎదుటే పెట్టి గ్యాస్ నింపడమనేది అక్కడ మామూలు మనిషి చేయించే పని కాదు. కనుక ఇక్కడి బోను చూడగానే "ఓహో, ఇదీ అంతే" అనుకుంటాము. ఇక్కడ ఆ మార్పిడి ఒక సౌకర్యం మాత్రమే, ఆ సౌకర్యానికి ధర ఉంటుంది. ఆ ధర ఎంతో నాకు నాలుగేళ్ళ తరువాత తెలిసింది.

ఎలా తెలిసిందంటే, ఒక ఆదివారం కొత్తగా తెచ్చిన బండ తేలికగా ఉన్నట్టనిపించి, స్నానాల గదిలోని త్రాసు పెరట్లోకి తెచ్చాను. బండను దాని మీద పెడితే అంకెలు కనిపించవు. అందుకని బండను కౌగిలించుకుని ఒకసారి, దించి నేనొక్కణ్ణే ఒకసారి త్రాసు ఎక్కాను. తేడా 32 పౌండ్లు వచ్చింది. బండ మెడ చుట్టూ ఉండే ఇనుప పట్టీ మీద టి.డబ్ల్యు. అని, దాని పక్కన 17 అని చెక్కి ఉంది. అది ఖాళీ బండ బరువు. అంటే లోపల ఉన్నది 15 పౌండ్లే. ఈ బండను ఇక్కడ అందరూ ఇరవై పౌండ్ల ట్యాంకు అంటారు, అందులో పట్టేదీ దాదాపు అంతే. దీన్ని మోసమనడానికి కూడా లేదు. బండకు తొడిగిన ప్లాస్టిక్ చుట్ట మీద 15 పౌండ్లని అచ్చువేసే ఉంది, నాలుగేళ్ళపాటు చదవనిది నేను. మార్పిడి బండల్లో సాధారణంగా అంతే నింపుతారు.

ఇక లెక్క. మొదటి ఏడాది మార్పిడికి నేను ఇచ్చింది 19 డాలర్లు. అప్పట్లో డాలరు 48 రూపాయలు, అంటే 912 రూపాయలు. ఆ రోజుల్లో మా అమ్మ భీమవరంలో మూడు వందల చిల్లరకు 14.2 కిలోల బండ దించుకునేది. నేను దానికి మూడు రెట్లు ఇచ్చి తెచ్చుకున్నది 15 పౌండ్లు, అంటే 6.8 కిలోలు. అక్కడ రాయితీ ఉందని, రెండూ పోల్చకూడదని నాకూ తెలుసు. అయినా ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పోల్చదగిన లెక్క ఇంకొకటి ఉంది. అదే రోజుల్లో నింపే చోట గ్యాలను 3 డాలర్లు. పూర్తిగా నింపితే 4.7 గ్యాలన్లు పడుతుంది, 14 డాలర్లు అవుతుంది. అంటే అక్కడ పౌండుకు 70 సెంట్లు, బోను దగ్గర పౌండుకు 1 డాలరు 27 సెంట్లు. ఏడాదికి ఎనిమిది బండల చొప్పున నాలుగేళ్ళకు ఎంతయిందో మీరే గుణించుకోండి. ఇప్పుడు రెండు చోట్లా ధరలు పెరిగాయి గాని, వాటి మధ్య ఎడం మాత్రం అలాగే ఉంది.

పైకి కనిపించని నష్టం ఇంకొకటి ఉంది. నలుగురు భోజనానికి వస్తున్న రోజున బండ మధ్యలో అయిపోతే పరువు పోతుందని ముందే మార్చేస్తాము. అడుగున మిగిలిన రెండు మూడు పౌండ్లు బోనులోకి ఉచితంగా వెళ్ళిపోతాయి. నింపించుకుంటే ఆ మిగిలినది మీదే, తగ్గిన మేరకే పోస్తారు. అయితే కొన్ని చోట్ల గ్యాలన్ల లెక్కన కాకుండా బండకు ఇంత అని ఒకే ధర తీసుకుంటారు. అక్కడికి సగం బండతో వెళితే మళ్ళీ నష్టమే. ముందుగా ఫోను చేసి "గ్యాలనుకా, బండకా?" అని అడగండి. సిగ్గుపడవద్దు, ఇది అమెరికా, అందరూ అడుగుతారు.

చోట్ల సంగతికి వస్తే, యు-హాల్ వాళ్ళ బండ్లు అద్దెకిచ్చే కేంద్రాలలో చాలా చోట్ల నింపుతారు. ఆవరణలో ఒక మూల ఇనుప కంచె లోపల పడుకోబెట్టిన తెల్లటి పెద్ద తొట్టి కనిపిస్తే అదే. ట్రాక్టర్ సప్లై దుకాణాలలో చాలావాటిలో ఉంది. మనవాళ్ళు ఆ పేరు చూసి అది రైతుల దుకాణమనుకుని లోపలికి వెళ్ళరు. కాస్ట్‌కోలో కొన్ని శాఖల్లోనే ఉంటుంది, కనుక సభ్యత్వ కార్డు ఉంది కదా అని నేరుగా వెళ్ళకుండా ముందు కనుక్కోండి. ఏస్ హార్డ్‌వేర్ కొట్లలో కొన్నిచోట్ల, ఆర్‌.వి.లు, అంటే లోపలే వండుకుని పడుకునే ఇల్లులాంటి బండ్లు, ఆగే పార్కుల్లో, ఊరి చివర ప్రోపేన్ వ్యాపారుల దగ్గర కూడా దొరుకుతుంది. పెట్రోలు లాగా మనమే పోసుకోవడానికి వీలుండదు, శిక్షణ పొందిన మనిషే నింపాలి. టెక్సస్‌లో ఆ అనుమతులు చూసేది రైల్‌రోడ్ కమిషన్. పేరులో రైలున్నా 2005 నుంచి వాళ్ళకు రైళ్ళతో పని లేదు, ముఖ్యంగా చమురూ గ్యాసూ చూస్తారు. నింపే మనిషి ఒక్కడే ఉంటాడు, ట్రక్కు అద్దెకు వచ్చినవాళ్ళను కూడా అతనే చూసుకుంటాడు. మే చివర వచ్చే మెమోరియల్ డే సెలవు, జులై నాలుగు ముందు శనివారాలు వెళితే నిలబడాలి. మామూలు పనిదినం పొద్దున వెళ్ళండి.

మొదటిసారి అతను నింపుతుంటే నేను సినిమా చూసినట్టు చూశాను. చేతికి తొడుగులు వేసుకుని, బండ మెడ మీది తేదీ చూసి, పైన తిప్పే పిడి మూడు మూలలుగా ఉందో లేదో చూశాడు. ఆ ఆకారం ఉంటే, మోతాదు మించకుండా ఆపే ఏర్పాటు లోపల ఉన్నట్టు. 2002 ఏప్రిల్ నుంచి అది లేని బండను నింపరు. గొట్టం బిగించాక, మీట పక్కనున్న చిన్న మరను స్క్రూడ్రైవర్‌తో అర చుట్టు వదులు చేశాడు. సన్నగా బుస్సుమని గాలి వచ్చింది, కుళ్ళిన క్యాబేజీ వాసన కొట్టింది. రెండు నిమిషాలకు ఆ రంధ్రంలోంచి తెల్లటి పొగమంచు చిమ్మగానే అన్నీ కట్టేశాడు. లోపల ద్రవం నూటికి ఎనభై పాళ్ళకు చేరిందని దాని గుర్తు. ఎండకు ద్రవం ఉబ్బుతుంది కనుక మిగతా ఇరవై పాళ్ళు ఖాళీగా వదలాలి. ఇంటికి రాగానే మళ్ళీ కౌగిలించుకుని త్రాసు ఎక్కాను. 36 పౌండ్ల పైనే ఉంది. మా ఆవిడ కిటికీలోంచి చూసి నవ్వింది గాని, ఆ లెక్కల పుస్తకం ఇప్పటికీ నా దగ్గర ఉంది.

ఇక చెప్పడానికి కాస్త సిగ్గుపడే సంగతి. 2010 వేసవిలో పది మందిని భోజనానికి పిలిచాను. చికెన్ నానబెట్టి గ్రిల్ వెలిగిస్తే మంట దేవుడి దగ్గర దీపమంత ఉంది. బండ అయిపోయిందనుకుని పరుగున వెళ్ళి మార్చుకొచ్చాను. కొత్త బండ పెట్టినా అదే దీపం. ఇదీ ఖాళీదే ఇచ్చారని కోపంతో మళ్ళీ బయలుదేరుతుంటే, కంచె అవతల నుంచి పక్కింటి పెద్దాయన పిలిచి, ముందు గ్రిల్ మీటలు తిప్పి తరువాత బండ తెరిచావా అని అడిగాడు. అవునన్నాను. అలా చేసినా, బండ మీటను ఒక్కసారిగా తిప్పేసినా, ఎక్కడో గొట్టం ఊడి గ్యాస్ కారిపోతోందని భద్రతా కవాటం పొరబడి ప్రవాహాన్ని నొక్కేస్తుందట. అన్నీ కట్టేసి, బండను విప్పి, నిమిషం ఆగి, మళ్ళీ బిగించి, బండ మీటను మెల్లగా తిప్పి, ఆ తరువాత గ్రిల్ మీట తిప్పి వెలిగించమన్నాడు. వెలిగించాను, మంట జానెడు లేచింది. అంతకు ముందు నేను బోనుకు ఇచ్చేసి వచ్చిన బండ రెండు వారాల క్రితం తెచ్చినది. అందులో సగం పైనే ఉండి ఉంటుంది. ఆ గ్యాస్ ఎవరి పెరట్లో వెలిగిందో గాని, నాకు మాత్రం ఆ రోజు చికెన్ రుచించలేదు. బండలో ఎంత ఉందో తెలియాలంటే మీటరు కొనక్కరలేదు. ఒక చెంబుడు వేడి నీళ్ళు పక్క నుంచి పోసి చేత్తో తడిమితే, గ్యాస్ ఉన్నంత ఎత్తు వరకు చల్లగా, ఆ పైన వెచ్చగా తగులుతుంది.

రెండో పొరపాటు పిసినారితనం వల్ల జరిగింది. ఎవరో ఇల్లు ఖాళీ చేస్తూ అమ్మితే పది డాలర్లకు ఒక పాత బండ కొన్నాను. నింపేచోట అతను మెడ మీది తేదీ చూసి తల అడ్డంగా ఊపాడు. తయారైన నెల, సంవత్సరం అక్కడే చెక్కి ఉంటాయి. ఆ తేదీ నుంచి 12 ఏళ్ళు దాటితే, మళ్ళీ పరీక్ష చేయించి ముద్ర వేయిస్తే తప్ప నింపరు. ఇరవై పౌండ్ల బండకు ఆ శ్రమ దండగ. కొన్నాళ్ళు అది గరాజు వెనక పడి ఉంది. చివరికి నాకే తట్టింది, బోను ఉన్నది ఇందుకే గదా అని. మార్పిడి దుకాణంలో తేదీ దాటినదైనా సాధారణంగా తీసుకుంటారు, బదులుగా తేదీ మిగిలిన బండ వస్తుంది. ఆ ఒక్కసారికి 15 పౌండ్లకే డబ్బిచ్చినా, తరువాత ఏళ్ళ తరబడి దాన్నే నింపించుకోవచ్చు. బోను దగ్గరకు వెళ్ళవలసింది ఈ ఒక్క పనికే. వెళ్ళినప్పుడు మొదట చేతికిచ్చిన బండ పుచ్చుకోకుండా, తేదీలు చూసి కొత్తది అడిగి తీసుకోండి. పనివాడు విసుక్కుంటే విసుక్కోనివ్వండి. ఇనుప కొట్లో కొత్త ఖాళీ బండ కొన్నట్లయితే, మొదటిసారి నింపించేటప్పుడు అది కొత్తదని చెప్పండి. లోపలి గాలి తీసి నింపాలి.

నిబంధనలు నేను చెప్పడం కంటే అగ్ని భద్రత చూసే మీ ఊరి ఫైర్ మార్షల్ కార్యాలయం వాళ్ళ పేజీలో చూసుకోవడం మంచిది. స్థూలంగా మాత్రం, బండను కారులో నిలబెట్టి తీసుకురావాలి, కారులో వదిలేసి సినిమాకు వెళ్ళకూడదు, ఇంట్లో గాని గరాజులో గాని దాచకూడదు. ప్రోపేన్ గాలి కంటే బరువు కనుక కారితే నేల మీదే పేరుకుంటుంది. బిగించిన చోట సబ్బు నీళ్ళు రాసి బుడగలు వస్తున్నాయేమో చూడండి. అపార్ట్‌మెంట్ బాల్కనీలో ఈ బండ పెట్టాలనుకునే మీ స్నేహితులెవరైనా ఉంటే, ముందు లీజు కాగితం చదవమనండి.

రెండో బండ దండగని నేను చాలా ఏళ్ళు మా ఆవిడతో వాదించాను. 2021 ఫిబ్రవరి మంచు తుఫానుకు కరెంటు పోయి, లోపలి ఎలక్ట్రిక్ పొయ్యి చల్లబడిపోయినప్పుడు, పెరట్లో కోట్లు వేసుకుని గ్రిల్ పక్కపొయ్యి మీదే ఉప్మా, పిల్లలకు పాలు కాచుకున్నాము. ప్రోపేన్ సున్నాకు దిగువన 42 డిగ్రీల సెంటిగ్రేడ్ దగ్గర మరుగుతుంది కనుక ఆ చలికి మంట ఆగలేదు. ఆగుతుందేమోనని భయపడింది బండలో గ్యాస్ గురించే, ఎందుకంటే ఊరంతా ప్రోపేన్ కోసం బారులు తీరింది. ఆ రోజుల్లో గ్రిల్‌ను ఇంట్లోకి తెచ్చుకుని వెలిగించి కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు బారిన పడినవాళ్ళు ఉన్నారు. ఎంత చలైనా ఆ పని మాత్రం చేయకండి. మార్చి నెలలో వెళ్ళి రెండో బండ కొన్నాను. ఇప్పుడు ఒకటి గ్రిల్ కింద, ఒకటి పెరట్లో ఎండ తగలని గోడ వార నిలబడి ఉంటాయి. ఒకటి ఖాళీ అయిన వారంలో, పనిదినం చూసుకుని, నింపించుకు వస్తాను. గోడ వారన ఉన్నదాని మెడ మీద 2020 నవంబరు అని ఉంది. 2032 నవంబరు వరకు దాన్ని ఏ బోనుకూ ఇచ్చేది లేదు.