కారు ఏసీలో ముక్కిన వాసన వస్తుంటే ముందు కారు కింద చూడండి

మహబూబ్‌నగర్ నుంచి అడిగారు కదా, సెకండ్ హ్యాండ్ కారు కొన్నామని, వానలు పడ్డప్పటి నుంచి ఏసీ వేయగానే తడి బట్టలు మూటగట్టి పెట్టినట్టు ముక్కిన వాసన కొడుతోందని, కాసేపటికి అదే తగ్గుతోందని, వెనక సీట్లో పాప మాత్రం ఎక్కిన దగ్గర్నుంచి తుమ్ముతూనే ఉంటుందని. ఒక మెకానిక్ గ్యాస్ మార్చాలన్నాడు, ఇంకొకాయన డ్యాష్‌బోర్డ్ మొత్తం విప్పాలన్నాడు, ఏది చేయించాలి అని మీ ప్రశ్న. నా మాట వింటే ఇప్పటికైతే రెండూ వద్దు. మాది నల్లగొండ, ఇదే బాధ మేమూ పడ్డాం, అంతా కలిపి వెయ్యికి అటూ ఇటూగా ఖర్చయింది, వాసన పోయింది.

గ్యాస్ సంగతి ముందు తేల్చేద్దాం. ఏసీ గ్యాస్ పైపుల్లో, కాయిల్‌లో సీలై తిరుగుతుంది, మీ ముక్కుకు తగిలే గాలిలో అది కలవదు. లీకై తగ్గిపోతే చల్లదనం తగ్గుతుంది, అంతే. చల్లగా బాగానే వస్తోందని మీరే రాశారు, అలాంటప్పుడు గ్యాస్‌కు పెట్టే డబ్బులు దండగ.

వాసన పుట్టేది కూలింగ్ కాయిల్ మీద. చాలా కార్లలో అది గ్లోవ్ బాక్స్ వెనకాల, డ్యాష్‌బోర్డ్ లోపల ఉంటుంది, సన్నటి అల్యూమినియం రేకులు దగ్గర దగ్గరగా పేర్చి ఉంటాయి. ఏసీ నడిచినంతసేపు అది సున్నాకు కొద్ది డిగ్రీలే పైన ఉంటుంది కాబట్టి గాలిలో తేమ దానికి తగిలి నీళ్లయిపోతుంది, ఆ నీళ్లు కింద ట్రేలోకి జారి, ఒక డ్రెయిన్ పైపు గుండా కారు కిందికి కారిపోవాలి. బండి ఆపేశాక కాయిల్ తడిగానే ఉండిపోతుంది, లోపల చీకటి, గాలి ఆడదు, దానికి తోడు దుమ్ము. బూజు పట్టడానికి అంతకంటే ఏం కావాలి. మళ్లీ ఏసీ వేసినప్పుడు బ్లోయర్, అంటే గాలి తోసే ఫ్యాన్, మొదటి ఊపులో ఆ వాసనంతా ముఖం మీదికి తోస్తుంది, తర్వాత కాయిల్ చల్లబడి మళ్లీ నీళ్లు పట్టేసరికి తగ్గినట్టు అనిపిస్తుంది. బూజు మాత్రం అక్కడే ఉంటుంది.

మన జిల్లాల్లో ఇది సరిగ్గా వానలతోనే మొదలవడానికి కారణం ఉంది. ఏప్రిల్, మే నెలల్లో మన గాలి పొడిగాలి, 43, 44 డిగ్రీల ఎండలో ఏసీ ఎంత నడిపినా కాయిల్ మీద నీళ్లు తక్కువే పడతాయి. కాని దుమ్ము పోగయ్యేది ఆ కాలంలోనే. యాసంగి వరి కోతలు, రోడ్డు మీదే ఆరబోసిన వడ్లు, పత్తి కట్టె కాల్చిన పొగ, క్వారీల నుంచి వచ్చే టిప్పర్లు, మిర్యాలగూడ వైపు తిరిగేవాళ్లకైతే రైస్ మిల్లుల ఊక బూడిద. ఎండాకాలమంతా పేరుకున్న ఆ దుమ్మంతా జూన్‌లో ఒక్కసారిగా తడుస్తుంది. అందుకే ఎండాకాలంలో ఏ వాసనా లేని బండి కూడా మొదటి ముసురుకే కంపు కొడుతుంది.

మా కారు మా చిన్నమామ దగ్గర తీసుకున్నది, ఇంటి ముందు వేపచెట్టు కింద పెడతాం. వాసన మొదలైన కొన్నాళ్లకు మా అక్క దేవరకొండ నుంచి వస్తూ ముందు సీట్లో చెప్పులు విప్పి కాళ్లు పెట్టి, "ఇక్కడ తడిగా ఉందేందిరా?" అంది. మ్యాట్ ఎత్తి కార్పెట్‌ను చేత్తో అదిమితే నీళ్లు ఊరాయి. మాకు తెలిసిన మెకానిక్ భాయ్ ఒకాయన ఉన్నాడు, చిన్న షెడ్డే కాని పని తెలిసిన మనిషి. ఆయన ఒక్క బోల్టు కూడా విప్పకుండా ముందు చేసిన పని, ఏసీ ఫుల్‌గా పెట్టించి, బండిని పొడి నేల మీద నిలబెట్టి, కింద చూస్తూ కూర్చోవడం. వానాకాలంలో పది నిమిషాలు ఏసీ నడిస్తే కింద చుక్కలు చుక్కలుగా పడుతూ చిన్న మడుగు కట్టాలి. మా బండి కింద నేల పొడిగానే ఉంది.

తర్వాత బండి పైకెత్తి, ఇంజన్‌కూ లోపలికీ మధ్య గోడ దగ్గర, ఎడమవైపు, వేలంత లావు రబ్బరు పైపు చూపించాడు. దాని మూతికి ఎర్రమట్టి గట్టిగా పట్టేసి ఉంది. మట్టి గీకేసి, మెత్తటి ప్లాస్టిక్ ట్యాగ్ ఒకటి లోపలికి పోనిచ్చి మెల్లగా తిప్పాడు. ముందు నల్లగా ఒక చుక్క వచ్చింది, ఆ వెంటనే ధారగా నీళ్లు, చెంబెడు ఉంటాయి, వాటితో పాటు వేపాకు ఈనెలు, బూడిదరంగు పీచు, అంతా జిగురుజిగురుగా. కారులో మమ్మల్ని ఇన్నాళ్లు ఏడిపించిన వాసన అచ్చం అదే. ఇనుప తీగ అస్సలు పెట్టొద్దన్నాడు, పైపు చిరిగినా పైన కాయిల్ రేకుకు తగిలినా అసలు ఖర్చు అప్పుడు మొదలవుతుంది. కింద నుంచి ఎయిర్ గన్‌తో ఫుల్ ప్రెషర్ కొట్టడం కూడా మంచిది కాదు, చెత్త మళ్లీ ట్రేలోకే ఎగిరిపోతుంది, ఒక్కోసారి పైపే ఊడిపోతుంది.

కాబట్టి మీరు కూడా ఈ ఒక్క పరీక్ష ఇవాళే చేయండి, దీనికి మెకానిక్ కూడా అక్కర్లేదు. నీళ్లు బాగా పడుతున్నాయంటే డ్రెయిన్ పైపు బాగానే ఉందని అర్థం, ఇక కాయిల్ మీద బూజు, ఫిల్టరు చూసుకుంటే చాలు. నీళ్లు పడకుండా ఎడమవైపు మ్యాట్ కింద తడి ఉంటే దాదాపుగా జవాబు దొరికినట్టే.

వేపాకు ఈనెలు అంత లోపలికి ఎలా పోయాయంటే, మాది బేస్ మోడల్. ఏసీ ఫిల్టరు పెట్టే గూడు ఉంది, అందులో ఫిల్టరు లేదు. కొన్ని పాత బేస్ మోడళ్లలో కంపెనీ నుంచే రాదు, సెకండ్ హ్యాండ్ బండి అయితే మురికి ఫిల్టరు తీసేసి కొత్తది వేయకుండా అమ్మిన వాళ్లూ ఉంటారు. గ్లోవ్ బాక్స్ రెండు పక్కలా నొక్కి కిందికి దించితే చాలా కార్లలో గూడు కనిపిస్తుంది, ఒకసారి తీసి చూడండి. మూడొందల నుంచి ఆరేడొందల లోపు దొరుకుతుంది, బిగించేటప్పుడు దాని అంచున ఉన్న బాణం గుర్తు గాలి పోయే దిక్కుకు ఉండాలి. ఏడాదికో 10,000 కిలోమీటర్లకో మార్చమంటారు కాని మన దుమ్ముకు ఎండాకాలం అయిపోగానే, అంటే మే ఆఖరులో మార్చడం మేలు. పేపర్ ఫిల్టర్‌ను నీళ్లతో కడగొద్దు, తడిస్తే అదే ముక్కుతుంది. షాపులో బొగ్గు ఫిల్టర్ వేస్తే వాసన రాదని చెప్తారు, బయటి నుంచి వచ్చే పొగ వాసనకు అది నిజమే, కాని ఫిల్టరు కాయిల్‌కు ముందు ఉంటుంది, కాయిల్ మీద పుట్టిన వాసనను అదేం ఆపలేదు.

అలాగే బానెట్ ఎత్తి వైపర్ల కింద జాలీ చూడండి. బయటి గాలి లోపలికి పోయేది అక్కడి నుంచే. ఆకులు కుళ్లి అక్కడ పేరుకుంటే వాన నీళ్లు పోయే దారి మూసుకుపోయి లోపలికి కూడా దిగొచ్చు.

కాయిల్ శుభ్రం చేయడానికి ఫోమ్ స్ప్రే డబ్బాలు వస్తాయి, ఏసీ కాయిల్ క్లీనర్ అని అడగండి. ఫిల్టరు తీసేసి, డబ్బాతో వచ్చే సన్నటి పైపును కాయిల్ దాకా పోనిచ్చి కొట్టాలి, డబ్బా మీద రాసినంతసేపు, మామూలుగా 15, 20 నిమిషాలు, అలాగే వదిలేయాలి. నురుగు కరిగి మురికితో కలిసి డ్రెయిన్ పైపు నుంచి దిగిపోతుంది, అందుకే డ్రెయిన్ శుభ్రం చేయకుండా ఫోమ్ కొట్టకూడదు. తర్వాత అద్దాలన్నీ దించి, ఏసీ లేకుండా బ్లోయర్ ఒక్కటే ఫుల్‌గా కాసేపు నడపాలి. బ్లోయర్ మోటార్ పక్కన వైర్లు, కనెక్టర్లు ఉంటాయి, వాటి మీద పడకూడదు, అలవాటు లేకపోతే మెకానిక్‌తో చేయించండి. ఆ రోజు పాపను కారు ఎక్కించకండి, మందు వాసన పూర్తిగా పోనివ్వండి. వాసన కోసమని సెంట్ సీసాలు, నాఫ్తలీన్ ఉండలు కారులో పెట్టడం నాకు అస్సలు నచ్చదు, మూసిన బండిలో తలనొప్పి తెచ్చిపెడతాయి, కింద బూజు బూజులాగే ఉంటుంది. పాప తుమ్ములకు ఆయాసం, దగ్గు కూడా తోడైతే మాత్రం కారు బాగయ్యేదాకా ఆగకుండా డాక్టరుకు చూపించండి, బూజు కొందరు పిల్లలకు పడదు. ఈలోగా ముందు మీరు ఎక్కి, అద్దాలు దించి రెండు నిమిషాలు ఫ్యాన్ నడిపాకే పాపను ఎక్కించండి.

కార్పెట్ తడిసి ఉంటే కాయిల్ ఎంత బాగు చేసినా వాసన పోదు, ఎందుకంటే కార్పెట్ కింద స్పాంజి ఉంటుంది, నీళ్లన్నీ అది పట్టుకుంటుంది. పైన ఆరినట్టు కనిపించినా నమ్మొద్దు. మేం కార్పెట్ అంచు లేపి కింద ఇటుక ముక్క పెట్టి, డోర్లు తెరిచి, లోపలికి టేబుల్ ఫ్యాన్ తిప్పాం. ముసురు రోజుల్లో టైమ్ పడుతుంది, ఎండ కాసిన రోజు వదలొద్దు.

ఇంకో మాట, భయపెట్టడానికి కాదు. మీది సెకండ్ హ్యాండ్ బండి, ఎక్కడ తిరిగిందో తెలియదు. 2020 అక్టోబర్‌లో హైదరాబాద్ కాలనీలు మునిగినప్పుడు, 2024 సెప్టెంబర్ మొదట్లో ఖమ్మం, కోదాడ వైపు వరద వచ్చినప్పుడు చాలా బండ్లు నీళ్లలో ఉన్నాయి. సీట్ బెల్టును చివరిదాకా లాగి చూడండి, కింద భాగంలో మట్టి గీత ఉందా, స్టెప్నీ గుంటలో ఒండ్రు, తుప్పు ఉన్నాయా అని. ఉంటే వాసన ఒక్కటే సమస్య కాదు, వైరింగ్ కూడా చూపించాలి.

ఇక రోజూ చేయాల్సిన పని ఒక్కటే, ఇది అలవాటైతే బూజు పట్టడమే తగ్గుతుంది. జడ్చర్ల నుంచి వస్తున్నారనుకోండి, అప్పన్నపల్లి బ్రిడ్జి దగ్గరికి రాగానే ఏసీ బటన్ ఆపేసి, బ్లోయర్ మాత్రం పెద్దగా ఉంచి, బయటి గాలి వచ్చేలా మార్చండి. ఇల్లు చేరేసరికి కాయిల్ చాలావరకు ఆరిపోతుంది. కొద్దిగా చెమట పడుతుంది, ఓర్చుకోవాలి. ఎప్పుడూ లోపలి గాలే తిరిగేలా పెట్టుకునే వాళ్లున్నారు, టిప్పర్ వెనకో ఊక బూడిద ఎగిరే చోటో అది సరే, మామూలు రోడ్డు మీద మార్చేయండి, మనుషుల ఊపిరి తేమ అంతా లోపలే ఉండిపోతుంది, నడిపేవాళ్లకు నిద్ర మత్తు కూడా వస్తుంది.

వాసన ముక్కినట్టు కాకుండా వేరేగా ఉంటే లెక్క వేరు. కుళ్లిన మాంసం కంపు అయితే ఎలుక చచ్చి ఉంటుంది, వడ్ల బస్తాల దగ్గర, పొలాల దగ్గర బండి పెట్టేవాళ్లకు ఇది మామూలే, బ్లోయర్ విప్పి తీయాలి. తియ్యగా ఉండి అద్దానికి జిడ్డు ఆవిరి పడుతుంటే కూలెంట్, అంటే ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం, లీకవుతున్నట్టు. పెట్రోల్ వాసన, పొగ వాసన, వైరు కాలిన వాసన అయితే బండి పక్కకు ఆపేసి దిగిపోండి, అవి ప్రాణం మీదికి తెస్తాయి.

డ్యాష్‌బోర్డ్ విప్పడం ఎప్పుడంటే, డ్రెయిన్, ఫిల్టరు, ఫోమ్, కార్పెట్ అన్నీ అయ్యాక కూడా వాసన అలాగే ఉండి, బ్లోయర్ ఫుల్‌లో పెట్టినా గాలి సన్నగా వస్తుంటే కాయిల్ మురికితో మూసుకుపోయిందని అర్థం, అప్పుడు విప్పక తప్పదు. కొన్ని కార్లలో డ్యాష్‌బోర్డ్ మొత్తం తీయకుండా పక్క నుంచే కాయిల్ బయటికి వస్తుంది, అది ముందే అడగండి. విప్పిస్తే దగ్గరే ఉండండి, క్లిప్పులు విరిగితే తర్వాత గతుకుల రోడ్డు మీద డ్యాష్‌బోర్డ్ లొడలొడమంటూనే ఉంటుంది. బండి మోడల్, ఏ సంవత్సరానిదో, కింద నీళ్లు పడుతున్నాయో లేదో చూసి ఇక్కడే రాయండి, ఆ మోడల్‌లో డ్రెయిన్ పైపు ఎక్కడుంటుందో భాయ్‌ని అడిగి చెప్తాను.