వరండా నేల గురించి మేనకోడలికి

చిరంజీవి లక్ష్మీసౌభాగ్యవతి మేనకోడలికి మామయ్య ఆశీర్వదించి రాయునది.

వరండాలో పరచడానికని నువ్వు పంపిన మూడు టైల్స్ ఫొటోలూ చూశాను. మూడూ హాల్లోకి బ్రహ్మాండంగా ఉంటాయి. వరండాకు మాత్రం ఒక్కటీ పనికిరాదు. దుకాణంలో దీపాల వెలుగులో, కాళ్లకు చెప్పులతో నిలబడి పలకలు ఎంచుతాం. ఇంటికొచ్చాక వాటి మీద నడిచేది వట్టి కాళ్లతో, అదీ తడిలో. మీది పడమటి వరండా. పైకప్పు ముందుకు వచ్చింది తక్కువ. గుంటూరులో వాన గాలితో కలిసి కొట్టిందంటే గడప దాకా తడుస్తుంది. పైగా మీ అత్తగారు తెల్లవారకముందే నీళ్లు చల్లి ముగ్గు పెడతారు. ఆవిడ కాలు జారని నేల ఏదో ముందు అది తేల్చుకో. రంగు గురించి మీ ఆయనా నువ్వూ ఆ తర్వాత తీరిగ్గా పోట్లాడుకోవచ్చు.

దుకాణానికి మళ్లీ వెళ్లే లోపు ఇంట్లో చూసుకోవలసినవి ఉన్నాయి. గడప దగ్గర ఒక బకెట్టు నీళ్లు పోసి, ఎటు పోతాయో చూడు. మెట్ల వైపు జారిపోతే సరే. గోడ వైపు తిరిగినా, మధ్యలో మడుగు కట్టినా వాటం లేదన్నమాట. ఆ లోపాన్ని పలకల కింద పరిచే సిమెంటు మాలుతోనే సరిచేయాలి. లేకపోతే ఎంత ఖరీదైన పలక పరిచినా మడుగు అక్కడే నిలుస్తుంది. పది అడుగుల వెడల్పుకు అంగుళమున్నర వాటం చాలు. కుర్చీ వేసుకుంటే తెలియదు, నీరు మాత్రం నిలవదు. మేస్త్రి కంటితో చూసి ‘సరిపోతుందమ్మా’ అంటే తల ఊపకు. దారం కట్టి, రసమట్టం పెట్టి చూపించమను.

మీ వరండా మూల ఉన్న పగులు నాకు నచ్చలేదు. దాని రెండు చివర్లా పెన్సిలుతో గీత గీసి, పక్కన తేదీ వేయి. కొన్ని వారాల తర్వాత పగులు గీత దాటి పోయిందా, నేల ఇంకా కదులుతోందన్నమాట. కింద పోసిన మట్టి కుంగడం అందుకు ఒక కారణం. దాన్ని బాగుచేయకుండా పైన పలకలు వేస్తే అదే దారిలో అవీ పగులుతాయి. అలాగే ఒక ప్లాస్టిక్ పట్టాను నేల మీద పరిచి, నాలుగు వైపులా టేపు అంటించి ఒక రోజంతా వదిలేయి. తీసినప్పుడు అడుగున చెమ్మ కనిపిస్తే కింది నుంచి నీరు ఎక్కుతోంది. అలాంటి చోట పలకల సందుల్లో తెల్లగా ఉప్పు పూస్తుంది. ఎంత తుడిచినా మళ్లీ వస్తుంది.

ఇక ఎత్తు. దీన్ని చాలామంది పని మొదలయ్యాక గాని గుర్తు చేసుకోరు. నాపరాయి పరిస్తే రాయీ, కింద మాలూ కలిసి నేల రెండు, రెండున్నర అంగుళాలు లేస్తుంది. సన్నటి టైలు జిగురుతో అతికిస్తే అర అంగుళం, ముప్పావు అంగుళంతో పోతుంది. కాబట్టి గడపకూ ఇప్పటి నేలకూ మధ్య ఎంత ఉందో టేపు పెట్టి కొలిచి నాకు రాయి. అక్కడ నాలుగు అంగుళాలకు తగ్గితే నాపరాయి ఆశ వదులుకోవడమే మంచిది. లేకపోతే వాన నీరు నేరుగా హాల్లోకి వస్తుంది. ఇనుప గ్రిల్ తలుపు లోపలికి తెరుచుకుంటుంది కదా, దాని అడుగున ఖాళీ ఎంతో కూడా చూడు.

మెట్ల సంగతీ ఇందులోదే. వరండా ఒక్కదాన్నే లేపితే పై మెట్టు మిగతా వాటికన్నా ఎత్తు అవుతుంది. మన కాలు మెట్ల ఎత్తును చూడదు, మొదటి రెండు మెట్లతో అలవాటు చేసుకుని మిగతావి అదే లెక్కన వేస్తుంది. ఆ ఒక్క మెట్టు దగ్గర పెద్దవాళ్లు తట్టుకుని పడతారు. అందుకని మెట్లన్నిటి మీదా అదే మందంలో పరిపించు. అప్పుడు తేడా అంతా అడుగు మెట్టుకు చేరుతుంది. దాని ముందు వాకిట్లో ఒక బండ వేసి ఎత్తు సరిచేసుకోవచ్చు.

ఎత్తు చాలితే నా ఓటు నాపరాయికే. ఆ రాయి దొరికే ఊళ్లలో మీకు మాచర్ల దగ్గర, బేతంచర్ల కొంచెం దూరం. తాండూరు నీలం బండలూ మీ ఊళ్లో దొరుకుతాయి. ఏదైనా సరే, మర పాలిషు పెట్టనిది తీసుకో. గనిలోంచి పొరగా లేచిన సహజమైన ముఖం తడిలో కాలికి పట్టు ఇస్తుంది. కడప నల్లబండ చూడ్డానికి ఠీవిగా ఉంటుంది గాని, పడమటి ఎండకు మధ్యాహ్నం మూడింటికి దాని మీద కాలు పెట్టలేరు. ఒక్క జాగ్రత్త: ఇవన్నీ సున్నపురాయి జాతి. స్నానాల గదికి వాడే ఆసిడ్ వీటి మీద పడితే నురగ కక్కి, రాయి పైపొర తినేస్తుంది. చింతపండు పులుసు, నిమ్మరసం ఒలికినా మచ్చ పడుతుంది. పనమ్మాయికి ఈ మాట గట్టిగా చెప్పాలి.

గ్రానైటుకు ఆ బెడద లేదు.  కానీ అద్దంలా మెరిసేది వద్దు, మంటతో గరుకు చేసిన ఫ్లేమ్ ఫినిష్ లేత రంగులో అడుగు. ఎత్తు చాలకపోతే విట్రిఫైడ్ టైల్సే గతి. అందులోనూ గరుకు ముఖం ఉన్నవి, జారుడు రేటింగు ఆర్ 11 అని, అంటే తడిలోనూ బాగా పట్టు ఇస్తాయని, రాసి ఉన్నవి తీసుకో. లోతు గాడులున్న పార్కింగ్ టైల్స్ జారవు, నిజమే, కానీ ఆ గాడుల్లో ముగ్గుపిండీ మట్టీ చేరి రోజూ బ్రష్షుతో కుస్తీ పట్టాలి. ప్లాస్టిక్ గడ్డి పట్టా గురించి అడిగావు. వాన వెలిశాక దాన్ని ఒకసారి ఎత్తి వాసన చూస్తే మళ్లీ అడగవు. మీ నాయనమ్మ గారింటి ఎర్ర గచ్చు లాంటిది వేయించాలని నాకూ ఉంది గాని, ఆ పని తెలిసిన చేతులు ఇప్పుడు అరుదు. పాత కాంక్రీటు మీద పలచగా పూస్తే అది నెర్రెలిస్తుంది.

ఏది నచ్చినా ఒక పలక నమూనా ఇంటికి తెచ్చుకో. వరండాలో పెట్టి సబ్బు నీళ్లు పోసి, మడమ ఆనించి మెల్లగా నెట్టి చూడు. పక్కన ఎవరినైనా పట్టుకునే ఆ పని చెయ్యి, సుమా. మధ్యాహ్నం ఎండలో వదిలి అరచెయ్యి ఆనించు. కాఫీ, నూనె చుక్కలు వేసి మర్నాడు తుడువు. పరీక్షలో నెగ్గితే సరిపడా లెక్క వేసి, పైన పదో వంతు ఎక్కువ కొను. టైల్స్ అయితే పెట్టెలన్నిటి మీదా బ్యాచ్ నంబరు ఒకటేనో కాదో చూసుకో. బ్యాచ్ మారితే రంగు తేడా పగటి వెలుగులో బయటపడుతుంది.

పరిచే ముందు పాత నేలంతా ఉలితో గాట్లు కొట్టించి, దుమ్ము కడిగించాలి. నున్నటి గచ్చు మీద మాలు పట్టదు. విట్రిఫైడ్ టైలు నీరు పీల్చదు కనుక ఉత్త సిమెంటు దానికి అంటుకోదు, టైల్ జిగురే వాడాలి. జిగురు వెనకంతా దువ్వించాలి. నాలుగు మూలలా ముద్దలు పెట్టి అతికించడం ఒప్పుకోకు. పలకల మధ్య మూడు మిల్లీమీటర్ల సందు వదలమను. సందు లేకుండా ఆనించి పరిస్తే ఎండకు వ్యాకోచించి పైకి లేస్తాయి.

పని అయ్యాక నాణెంతో ప్రతి పలకా తట్టు. డొల్ల శబ్దం వచ్చిన చోటల్లా సుద్దతో గుర్తు పెట్టి, అవి తీయించి మళ్లీ వేయించాకే మేస్త్రికి చివరి బాకీ ఇవ్వు. మాలు మీద పరిచిన రాయికి వారం రోజులు నీళ్లు పట్టండి. అప్పటిదాకా మీ ఆయన బండి వరండా ఎక్కించకుండా చూసుకో. మిగిలిన పలకలు నాలుగైదు మెట్ల కింద దాచండి. గడప కొలత రాయడం మరచిపోకు.

మీ మామయ్య